వాల్టర్ గారి చిన్న జట్లు

"ఆటనే గదా, కూసొని ఆడుడే గదా" అన్నాడు మా ఆయన కర్ణాకర్, కంప్యూటర్ ముందు కూర్చొని నడుం నొప్పెడుతోందని నేను చింతపండు గింజలు తీస్తూ అన్నప్పుడు.

సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. ఆయన సర్కారు బడిలో టీచరు. సిద్దిపేటలో బడులు మూతపడ్డాయి, బస్సులు డిపో దాటడం లేదు. ఆయన పొద్దున్నే చౌరస్తాలోని దీక్షా శిబిరానికి పోయి, నలుగురిని వెంటబెట్టుకొని చాయ్‌కి వస్తాడు. నేనూ ఒకరోజు ఊరేగింపుకు పోతానంటే మా అత్తమ్మ లచ్చవ్వ "అందరు పోతె ఇంట్ల ఎవరుంటరు?" అంది. ఆ 'అందరు'లో నేనొక్కదాన్నే ఉన్నాను.

ఆయన ఆట అన్నది నా పని గురించి. అమెరికాలో కొందరు పెద్దమనుషులు కంప్యూటర్‌లో బేస్‌బాల్ జట్లు నడుపుతారు. ఆటగాళ్లెవరూ నిజం మనుషులు కారు, ఉన్నవి పేర్లూ అంకెలే. ఒక్కొక్కరికి ఒక పెద్ద జట్టు, దాని కింద నాలుగు చిన్న జట్లు. ఇంకా చెయ్యి తిరగనివాళ్లు చిన్న జట్లలో ఉంటారు. వాళ్లలో ఎవరిని పైకి పంపాలి, ఎవరిని కిందికి దించాలి, దెబ్బ తగిలినవాడి జాగాలో ఎవరిని పెట్టాలి, ఎవరిని తీసెయ్యాలి అని చూసుకోవడం ఆ పెద్దమనుషులకు విసుగు. అందుకని మనిషిని పెట్టుకున్నారు. పేరుకు ఆ మనిషి కర్ణాకర్. రెండేళ్లుగా తెర ముందు కూర్చునేది నేను. బేస్‌బాల్ బంతిని నేను కళ్లతో చూడలేదు. అయినా ఏ పిల్లాడు వచ్చే ఏడాదికి ఎదుగుతాడో అంకెలు చూసి చెప్పగలను. అట్టడుగు జట్టులో ఒక వయసు మళ్లినవాణ్ణి తప్పకుండా ఉంచుతాను. వాడుంటే కుర్రాళ్లు కుదురుగా ఆడతారు. ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు, చూసి చూసి తెలుసుకున్నాను.

ఆ పెద్దమనుషుల్లో వాల్టర్ గారొక్కరే వారం వారం రాస్తారు. ప్రతి గురువారం సాయంత్రం ఆరింటికి, కరెంటు వచ్చిన కాసేపటికి, ఆయన ఉత్తరం తెర మీద ఉండేది. రెండు వాక్యాలు, కింద ఆయన పేరు.

అక్టోబరు మొదటి వారం నాకు జ్వరం వచ్చింది. లేవలేకపోయాను. "ఒక్క వారం నేను చేస్త తియ్యి, గదేమన్న పెద్ద పనా" అని కర్ణాకర్ అరగంటలో ముగించి శిబిరానికి పోయాడు. గురువారం గోడ పట్టుకొని లేచి కంప్యూటర్ తెరిచాను. వాల్టర్ గారి ఉత్తరం ఉంది.

"ఈ వారం పెద్ద వయసువాళ్లందరినీ తీసేశారు. ఇది చేసింది మీరు కాదు. మీకు ఒంట్లో బాగుందా?"

ఎన్నడూ నా మొహం చూడని మనిషి, నా పేరు కూడా తెలియని మనిషి, నేను మంచం మీద ఉన్నానని ఎట్లా పసిగట్టాడు? మరో సంగతీ అప్పుడే తట్టింది. ఆ వారమంతా ఇంట్లో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు.

నాలుగు రోజుల తర్వాత ఆ బృందంలోని మరొకాయన అందరికీ ఒక కబురు పంపాడు. తనకు నిన్ననే తెలిసిందట. వాల్టర్ గారు గుండెపోటుతో చనిపోయారు. ఆయన జట్టును ఎవరికివ్వాలో ఆలోచించుకుందామని రాశాడు. చనిపోయిన తేదీ కింద ఉంది. మార్చి తొమ్మిది.

ఆ తేదీ తర్వాత వచ్చిన ఉత్తరాలు లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. అన్నీ గురువారాలే, అన్నింటి కిందా ఆయన పేరే. కర్ణాకర్‌కు చెబితే "ఎవడో మజాక్ చేస్తుండు" అని చొక్కా మార్చుకున్నాడు.

గురువారం వచ్చింది. బస్సుల చప్పుడు లేని ఊరు సాయంత్రమయ్యేసరికి నీళ్లలో మునిగినట్టు ఉండేది. అత్తమ్మ పక్కింటికి పోయింది. ఆరింటికి కరెంటు వచ్చింది, తెర వెలిగింది. ఉత్తరం ఉంది.

"మళ్లీ మీరే వచ్చారు. సంతోషం. వాల్టర్."

లేచి గడియ పెట్టి వచ్చాను. చనిపోయిన మనిషికి తలుపు గడియ ఏం అడ్డమని నాకే అనిపించింది. మూడు మాటలు కొట్టాను. "దయచేసి చెప్పండి, మీరెవరు?"

పావుగంటలో జవాబు వచ్చింది.

"నా పేరు డోరిస్. వాల్టర్ నా భర్త. మీరు రాకముందు తొమ్మిదేళ్లు ఈ చిన్న జట్లను చూసింది నేను. మీరు వచ్చాక మీకు రాసిందీ నేనే. ఆయన పేరు పెట్టడం అలవాటైపోయింది. ఆయన పోయాక పెద్ద జట్టునూ నేనే నడుపుతూ, ఎవరైనా తేడా గుర్తుపడతారని వారం వారం ఎదురుచూశాను. జట్టులో ఏమీ మారలేదు. ఆయన పోయారని తెలిశాక కూడా వాళ్లంతా జట్టు ఎవరికివ్వాలనే మాట్లాడుకున్నారు, ఇన్నాళ్లూ నడిపిందెవరని ఒక్కరూ అడగలేదు. ఆయన లేని ఇంటికన్నా నాకు అదే భయంగా ఉంది. అడిగింది మీరొక్కరే. ఇప్పుడు నేను అడుగుతాను, మీరెవరు? కర్ణాకర్ కాదని మాత్రం నాకు ఎప్పుడో తెలుసు."

రేపు నేను చనిపోతే ఈ ఇంట్లో చాయ్ ఆగుతుంది, అది అందరికీ తెలుస్తుంది. ఈ జట్లు నడిపింది నేనని తెలిసేది ఎవరికి?

తలుపు కొట్టిన చప్పుడు. తీశాను. కర్ణాకర్ వెనక ముగ్గురున్నారు. "చాయ్ పెట్టు, దబ్బున" అన్నాడు. నేను వంటింటి వైపు పోలేదు. వచ్చి మళ్లీ తెర ముందు కూర్చున్నాను. ఆయన నా వెనక నిలబడ్డాడు.

"నీకే చెప్తున్న. గంత అర్జెంటుగ ఏం రాస్తున్నవ్?"

"నా పేరు" అన్నాను.