రెండు పౌండ్ల మూడు ఔన్సులు

గేలెన్‌కు ఆ డీప్ ఫ్రీజరు ఊరికే వచ్చింది. ఊరికే వచ్చిన వస్తువు దగ్గర మనిషి కాస్త ఒళ్లు మరిచిపోతాడు. అదే అతని కొంప ముంచింది.

ఇచ్చింది పక్కింటి డెలోరిస్. ఆమె భర్త వెర్లిన్ ఫిబ్రవరిలో నిద్రలోనే పోయాడు. బతికున్నన్నాళ్లూ అతను ప్రతి నవంబరులో వేటకు వెళ్లి, ఒక దుప్పిని కొట్టుకొచ్చి, తానే ముక్కలు కోసి, పొట్లాలు కట్టి ఆ పెట్టె నింపేవాడు. ఇప్పుడు ఒక్క మనిషికి అంత పెట్టె దండగని, జూన్ మొదట్లో డెలోరిస్ కంచె దగ్గర నిలబడి గేలెన్‌ను పిలిచింది. నీ బీరు పిచ్చికి పనికొస్తుందేమో పట్టుకుపొమ్మంది.

ఆ పిచ్చి ఊరంతటికీ తెలిసిందే. కాగితం మిల్లులో ముప్పై ఏళ్లు చేసి దిగిపోయాక గేలెన్ ఇంట్లోనే బీరు కాచడం మొదలుపెట్టాడు. బార్లీని గంజిలా కాస్తాడు, హాప్స్ పూలను గ్రాముతో సహా తూచి వేస్తాడు, పులియబెడతాడు, స్టీలు పీపాల్లోకి ఎక్కిస్తాడు. ఊళ్లో అలాంటివాళ్లు ఏడుగురు ఒక సంఘంగా ఉన్నారు. అందరిలోకీ లెక్క తప్పనివాడని గేలెన్‌కు పేరు. కొలతల్లో ఎవరికి అనుమానం వచ్చినా అతని దగ్గరికే పరుగెత్తుతారు. ఆ పేరంటే అతనికి ప్రాణం, పైకి చెప్పుకోడు గాని.

"అడుగున ఆరు పొట్లాలున్నాయి, గేలెన్. ఆయన ఆఖరి దుప్పివి," అంది డెలోరిస్. "కొత్తగా చిన్న ఫ్రీజరు చెప్పాను, మూడు వారాలు పడుతుందట. అది వచ్చేదాకా నీ ఇంట్లో దాచిపెట్టు. వండుకోవడానిక్కాదు. ఉంటే చాలు."

అదెంత పని అన్నాడు గేలెన్.

ఆ పొట్లాలు అతను ఎరిగినవే. ఒక పక్క మైనం పూసిన తెల్ల కాగితంలో బిగించి చుట్టి, పైన నల్ల ఇంకుతో ఏ ముక్కో, ఎంత తూకమో, ఏ తేదీనో రాసేవాడు వెర్లిన్. అక్కడితో ఊరుకోక ఇంకో మాట కూడా రాసేవాడు. మంచు పడుతోందనో, మోకాలు నొప్పనో. మూడేళ్లకు ఒక ఉత్తరం కూడా రాయని మనిషికి మాంసం పొట్లం కనిపిస్తే చాలు, చెయ్యి ఊరుకునేది కాదు.

ఫ్రీజరును బీరు పెట్టెగా మార్చడం గేలెన్ పదేళ్ల కల. నాలుగు పీపాలు లోపల నిలబెట్టి, పక్కనే బీరును పైకి తోసే గ్యాసు బుడ్డి పెట్టి, బయటికి నాలుగు కుళాయిలు తియ్యాలి. తొందరపాటుగాళ్లు పెట్టె గోడకే బెజ్జం కొడతారు. గోడలో చల్లదనం తిరిగే సన్నటి గొట్టాలు దాగి ఉంటాయి, ఒక్కటి తెగిందా పెట్టె శవమే. గేలెన్ అలాంటివాడు కాడు. మడతబందులు విప్పి మూత ఎత్తి, పెట్టెకూ మూతకూ మధ్య మేపుల్ చెక్కతో జానెడు ఎత్తు చట్రం కట్టి, కుళాయిల బెజ్జాలన్నీ ఆ చట్రానికే కొట్టాడు. గోడ మీద గీత కూడా పడలేదు.

ఇక మిగిలింది చల్లదనం. ఫ్రీజరును దాని మానాన వదిలేస్తే బీరు రాయైపోతుంది. అందుకని గోడకున్న కరెంటు ప్లగ్గుకూ ఫ్రీజరుకూ నడుమ ఒక చిన్న డబ్బా తగిలిస్తారు. దాని తీగను లోపల నీళ్ల సీసాలో ముంచి, ఫారెన్‌హీట్‌లో ముప్పై ఎనిమిది డిగ్రీలని చెబితే, అంతకన్నా చల్లబడగానే అది కరెంటు ఆపేస్తుంది. నీళ్లు గడ్డకట్టవు, బీరు వేడెక్కదు. గేలెన్ ఆ డబ్బా తగిలించి, అంకె ముప్పై ఎనిమిది దగ్గర కదలకుండా నిలబడేసరికి మురిసిపోయి, ఫొటో తీసి సంఘంలో ఆరుగురికీ పంపాడు.

ఆరు పొట్లాలూ లోపలే ఉన్నాయి. అడుగున, యంత్రాన్ని కప్పుతూ ఉండే మెట్టు మీద, అట్టపెట్టెలో.

వంటింటి ఫ్రిజ్‌లో ఐసు కట్టే పైఅర నిండా అతని హాప్స్ సంచులే. సాయంత్రం వాటిని సర్ది పొట్లాలకు చోటు చేద్దామనుకున్నాడు. సాయంత్రం కుళాయిలకు మెరుగు పెట్టాడు. మర్నాడు చట్రానికి రంగు వేశాడు. రోజూ పదిసార్లు వెళ్లి ఆ అంకెను చూసుకున్నాడు, మూత ఎత్తితే చల్లదనం పోతుందని మూత మాత్రం ఎత్తలేదు. పదకొండో రోజు పీపాలు దింపుదామని మూత తీశాడు. వాసన ముందు వచ్చింది. అట్టపెట్టె మెత్తబడి, అడుగంతా ఎర్రటి నీళ్లు నిలిచి ఉన్నాయి.

అప్పుడు గేలెన్ చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ అతనికి చెవులు కాలుతాయి. ఇరవై అడుగులు నడిస్తే డెలోరిస్ వాకిలి. వెళ్లలేదు. ఆ రోజు చెత్తబండి వచ్చే రోజు. పొట్లాలు విప్పి, మాంసాన్ని నల్ల సంచిలో మూటకట్టి, డబ్బాలో వేసి వీధిలోకి తోశాడు. బండి వచ్చి ఎత్తుకునేదాకా కిటికీ పక్కనే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

కాగితాలు మాత్రం పారెయ్యలేదు. తడిగుడ్డతో తుడిచాడు. ఇంకు చెక్కుచెదరలేదు. గ్యారేజీలో తాడు కట్టి బట్టల క్లిప్పులతో ఆరేశాడు. అతని భార్య లవాన్ ఏదో అడగడానికి వచ్చి, వరసగా వేలాడుతున్న చచ్చిపోయినవాడి చేతిరాత చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. సంగతంతా విన్నాక గొంతు పెంచలేదు.

"ఇవాళే వెళ్లి చెప్పు. ఇప్పుడైతే పోయింది మాంసమొక్కటే."

ఆదివారం చర్చి అయ్యాక చెబుతానన్నాడు. ఆదివారం డెలోరిస్ నల్లగౌనులో మరీ చిన్నగా కనిపించింది. ఈ మాట వింటే ఆవిడ గుండె తట్టుకోదని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఆవిడ గుండెకేం, నిక్షేపంగా ఉంది. గేలెన్ కాపాడుకున్నది తన పరువునే.

సోమవారం పక్క జిల్లాలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లి, బావ దగ్గర పోయిన నవంబరు దుప్పి మాంసం ఆరు ముక్కలు అడిగి తెచ్చాడు. బావ మిషను రంపంతో కోస్తాడు, అంచులు గీత గీసినట్టుంటాయి. గేలెన్ వాటిని వెర్లిన్ కాగితాల్లో, పాత మడతల మీదే మడతపెట్టి చుట్టాడు. చూడటానికి అచ్చం అవే. హాప్స్ గ్రాములతో తూచే మనిషి ఆ మాంసాన్ని తక్కెడ మీద పెట్టనైనా లేదు. చేతులు ఎంత త్వరగా కడుక్కుందామా అన్నదే అతని ధ్యాస.

డెలోరిస్ చిన్న ఫ్రీజరు వచ్చింది. గేలెన్ పొట్లాలు తీసుకెళ్లాడు. ఆవిడ ఒక్కొక్కటే అందుకుని లోపల పెట్టింది. మొదటి పొట్లాన్ని మాత్రం అరచేతిలో కాసేపు ఉంచుకుంది. ముప్పై ఒక్క ఏళ్లు ఊళ్లో సరుకుల దుకాణంలో మాంసం అమ్మిన చెయ్యి అది. ముక్క అందుకోగానే తూకం చెప్పేది, తరవాత తక్కెడ అదే చెప్పేది. ఆడవాళ్లు పందేలు కట్టి ఓడిపోయేవారు. మొగుణ్ని తలుచుకుంటోంది కాబోలు అనుకుని గేలెన్ చూపు తిప్పుకున్నాడు.

"ఇంకేమిటయ్యా సంగతులు?" అంది.

ఏమీ లేవన్నాడు.

ఆ తరవాత రెండు నెలలూ ఆవిడ కంచె దగ్గర కనబడినప్పుడల్లా అదే ప్రశ్న. అడిగి, జవాబు వచ్చాక కూడా ఇంకొంచెంసేపు నిలబడేది. పాపం, మాట్లాడే మనిషి లేక అనుకునేవాడు గేలెన్. ఆవిడ వాకిట్లో గడ్డి కోసిపెట్టాడు, చూరు గట్టరు బాగుచేశాడు. ఎంత చేసినా ఆవిడ ఎదురుపడితే గడ్డి గురించో గట్టరు గురించో మాట్లాడేవాడు. నీళ్లు నమిలి వచ్చేసేవాడు.

బీరు పెట్టె మాత్రం అద్భుతంగా కుదిరింది. సంఘం వాళ్లు వచ్చి చట్రం మీద చెయ్యి వేసి నిమిరి వెళ్లారు. పెట్టెకు పేరు ఉండాలని వాళ్లే తీర్మానించి, వెర్లిన్ పేరు చెక్క మీద కాల్చి రాయించి తెచ్చి, కుళాయిల పైన బిగించారు. ఆ రోజు గేలెన్‌కు తలకొట్టేసినట్టయింది. వద్దనడానికి మాత్రం ఏ నోటితో వద్దంటాడు?

ఆగస్టులో వెర్లిన్ పుట్టినరోజు శనివారం పడింది. మొదటి గ్లాసు ఆ రోజే తియ్యమని డెలోరిస్ కబురు పెట్టింది. మాంసం తానే తెస్తానంది.

లవాన్ ఆ పొద్దున బంగాళాదుంపలు ఉడకబెడుతూ అతనివైపు చూడకుండానే, ఇదే నీకు ఆఖరి అవకాశమంది. అతను గ్యారేజీ తలుపు ఎత్తి, బీరు పెట్టెకు ఎదురుగా వాకిట్లో కుర్చీలు వేశాడు.

మధ్యాహ్నం సంఘమంతా వచ్చింది. ఎవరో బొగ్గులు రాజేశారు. డెలోరిస్ నీలం ఐసుపెట్టె మోసుకొచ్చి బల్ల మీద పెట్టి, ఆరు పొట్లాలూ వరసగా పేర్చింది. ఒకటి తెస్తుందనుకున్న గేలెన్ వాటిని మళ్లీ లెక్కపెట్టుకున్నాడు. కళ్లద్దాలు మరిచిపోయి వచ్చానని, ఆయన ఏం రాశాడో అందరికీ చదివి వినిపించమని అతనికే అప్పజెప్పింది.

గేలెన్ మొదటిది అందుకున్నాడు. "నడుం మాంసం. రెండు పౌండ్ల మూడు ఔన్సులు. నవంబరు ఇరవై ఒకటి. మంచు మొదలైంది." అందరూ తలలూపారు. రెండోది చదివాడు. తొడ ముక్క, మూడు పౌండ్లు, ఇది డెలోరిస్ అన్నయ్యకు పెట్టొద్దు, ఉడకబెట్టి చంపేస్తాడు. అందరూ నవ్వారు. డెలోరిస్ కూడా నవ్వింది. మూడోది తీశాడు.

"మెడ. పులుసుకే. చెయ్యి వణికింది, ఇక్కడ వంకరగా కోశాను."

ఎవ్వరూ నవ్వలేదు. సంఘంలో అందరికన్నా పెద్దవాడైన హార్లన్ ముక్కు చీదుకుని, ఆ వంకర ముక్క చూద్దాం విప్పమన్నాడు. పాపం, అతను ప్రేమతోనే అడిగాడు. మిగతావాళ్లు దగ్గరికి జరిగారు.

లోపల ఉన్నది గీత గీసినట్టు కోసిన ముక్క. గేలెన్ వేళ్లు కాగితం మడత మీద ఆగిపోయాయి. ఆగస్టు ఎండలో ఆ పొట్లం అతని చేతిని గడ్డకట్టిస్తోంది.

"ఇందులో ఉన్నది వెర్లిన్ కోసింది కాదు," అన్నాడు. "ఇదే కాదు, ఆరూనూ. ఆయనది నా చేతుల్లో పాడైపోయింది. తియ్యడం మరిచిపోయి ఆ డబ్బా తగిలించాను, డెలోరిస్. పదకొండు రోజులు చూసుకోలేదు. ఇది మా బావ కొట్టిన దుప్పి."

హార్లన్ మెల్లగా వెనక్కి జరిగి కూర్చున్నాడు. లెక్క తప్పనివాడని పేరున్న గేలెన్ తల ఎత్తలేకపోయాడు. అందరి బూట్లూ కనిపిస్తున్నాయి, ఒక్క బూటూ కదలడం లేదు.

"తెలుసు," అంది డెలోరిస్. "నువ్వు మొదటిది చేతికివ్వగానే తెలిసింది. రెండు పౌండ్ల మూడు ఔన్సులని ఆయన రాస్తే రెండు పౌండ్ల మూడు ఔన్సులే. నువ్విచ్చింది ఒకటీ ముప్పావు కూడా లేదు."

"మరి ఇన్నాళ్లూ అడగలేదే?"

"అడుగుతూనే ఉన్నానుగా. కంచె దగ్గర ఎన్నిసార్లు నిలబడ్డానయ్యా?"

గేలెన్‌కు ఆ నిలబడటాలన్నీ ఒక్కొక్కటే కళ్లముందుకొచ్చాయి. మాట్లాడే మనిషి లేక కాదు. తన నోటి నుంచి వస్తుందని చూసింది. జాలిపడింది అతను, అదీ ఆవిడ మీద. సిగ్గుతో అతని మెడ కూడా ఎర్రబడింది.

"మరి ఆయనది ఏం చేశావు?" అని అడిగింది ఆవిడ.

అబద్ధానికి ఇక చోటు లేదు. "చెత్తబండిలో వేశాను."

డెలోరిస్ మొహం అప్పుడు మారింది. అంతదాకా ఆమె మనసులో ఆ మాంసం ఎక్కడో పూడ్చిపెట్టి ఉంది. ఏ చెట్టుకిందో, కనీసం అతని పెరట్లో. అది ఆమె మొహంలో కనబడింది, కనబడి ఆరిపోయింది.

"నన్ను పిలిస్తే ఆపిల్ చెట్టుకింద గుంట తవ్వేదాన్ని గదయ్యా," అంది. "నీకు శ్రమ లేకుండా నేనే తవ్వేదాన్ని."

గేలెన్ క్షమించమన్నాడు. అన్నట్టు అతనికే వినిపించలేదు.

కాగితాలు ఆయనవేనా అని అడిగింది. అవేనన్నాడు. అప్పుడావిడ ఒక్కో పొట్లం దగ్గరికి లాక్కుని, టేపు గోటితో ఊడదీసి, కాగితం విప్పి, మాంసాన్ని బల్ల మీద వదిలేసింది. మైనం వైపు తన చేతిరుమాలుతో తుడిచి, ఆరింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి సంచిలో పెట్టుకుంది. సహాయానికి లవాన్ చెయ్యి చాపబోయి మానుకుంది.

"ఇవాళ ఆయన పుట్టినరోజు. ఒక గ్లాసు పొయ్యి," అంది.

గేలెన్ కుళాయి తిప్పాడు. సగం నురగే వచ్చింది. ఆవిడ నురగ అణిగేదాకా నిలబడి ఎదురుచూసి, నిలబడే సగం తాగి, గ్లాసును బీరు పెట్టె మూత మీద, మొగుడి పేరుకు కాస్త పక్కగా పెట్టింది.

"బాగా కుదిరింది," అని చెప్పి, ఖాళీ ఐసుపెట్టె తీసుకుని గేటు వైపు వెళ్లిపోయింది.

తిట్టి ఉంటే ఎంతో నయమనిపించింది గేలెన్‌కు. సంఘం వాళ్లు ఒక్కొక్కరే ఏదో పనుందని లేచారు. బొగ్గుల మీద బూడిద కమ్మింది. బల్ల మీద ఆరు ముక్కలూ ఎండకు చెమర్చడం మొదలుపెట్టాయి. కాగితాలు లేకపోయాక వాటిలో ఏది నడుమో ఏది మెడో అతనికి తెలియలేదు.