చూసిందే గీయాలి

మా అమ్మాయి గీసిన బొమ్మల పుస్తకంలో నేను ముప్ఫై ఒక్క చోట్ల ఉన్నాను. ముప్ఫై ఒక్క చోట్లా నా వీపే ఉంది. పొరపాటు పడ్డానేమోనని మళ్ళీ మొదటి కాయితం నుంచి తిరగేశాను. అంతే. ఒక్క బొమ్మలోనైనా నాకు ముక్కూ మొహమూ లేవు.

ఆ కాయితాలు తెచ్చినావిడ పేరు హెల్వీ. ఫిన్లాండ్ మనిషి. వాళ్ళ దేశంలో కామిక్స్ గీసేవాళ్ళలో బాగా పేరున్నావిడట. మా భానుశ్రీ చదివిన ఆర్ట్ కాలేజీలో రెండేళ్ళుగా పాఠం చెబుతోంది. అరవై ఏళ్ళుంటాయి. ఆ శనివారం మధ్యాహ్నం, మేం దేశం వదిలొచ్చి స్థిరపడ్డ క్రెయిగీబర్న్‌లో మా ఇంటికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే బూట్లు గుమ్మం బయట విడిచి, మా డైనింగ్ టేబుల్ మీద ఇరవై ఏడు కాయితాలు వరసగా పరిచింది. భాను పోయి అప్పటికి మూడు నెలలు. జూన్‌లో, ఇక్కడ అది చలికాలం, ఒక పొగమంచు పొద్దున స్టేషన్‌కి నడిచి వెళుతూ రోడ్డు దాటుతుంటే వ్యాను గుద్దింది. ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల. ఇంతకంటే వివరంగా చెప్పడానికి నాకు నోరు రాదు.

"కాలేజీ వాళ్ళు దీన్ని పుస్తకంగా వేస్తారు. సోమవారం ప్రెస్సుకి ఇవ్వాలి. మీరిద్దరూ సంతకం పెడితేనే," అంది హెల్వీ. ఆవిడ ఇంగ్లీషు చాలా నెమ్మది. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్యలో మనం వెళ్ళి కాఫీ కలుపుకుని రావచ్చు.

పుస్తకం నిండా మా ఇల్లే. కాయితానికి ఆరు గళ్ళు. ఎక్కడా ఒక్క మాట రాసి లేదు. మా ఆవిడ మంగళ పోపు వేస్తూ మొహం పక్కకి తిప్పుకోవడం, బట్టలు మడతపెడుతూ ఫోన్లో వాళ్ళ చెల్లెలితో నవ్వడం, కరివేపాకు కుండీని చలికి లోపల పెట్టడం. ఆ తర్వాత నా గది తలుపు. తలుపులోంచి కుర్చీ. కుర్చీలో నేను, గోడ వైపు తిరిగి.

నాకు ఒళ్ళు మండింది. వీపు చూపించడానికి నేనేమన్నా అలిగి కూర్చున్నానా? ప్లగ్ పాయింటు ఆ గోడకి ఉంది, అందుకని బల్ల అటు వేసుకున్నాను. బ్యాంకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంటి నుంచే పని. ఈ ఇల్లూ, భాను కాలేజీ చదువూ, ఈ ఇరవై ఏడు కాయితాలూ, సిరా కూడా ఆ కుర్చీలోంచి వచ్చినవే.

"ఇదంతా మీరు నేర్పించిందేనా?" అన్నాను. మర్యాదగా ఏమీ అనలేదు.

హెల్వీ నొచ్చుకోలేదు. "నేను నేర్పేది ఒక్కటే. తెలిసింది గీయొద్దు, చూసింది గీయమంటాను. పెన్సిల్‌తో ముందు గీసుకోనివ్వను. నేరుగా సిరాతోనే. తప్పు గీత పడితే అది అక్కడే ఉండాలి. దిద్దిన చోటే మనం అబద్ధం చెబుతాం."

సంచిలోంచి తన పుస్తకం ఒకటి తీసింది. వాళ్ళమ్మ కథట. పేజీల నిండా ఒక వంటిల్లు, ఒక కిటికీ, చేపలు శుభ్రం చేసే రెండు చేతులు. చేతుల మీద ప్రతి ముడతా ఉంది. నూట నలభై పేజీల్లో ఆ తల్లి మొహం రెండు చోట్ల మాత్రమే ఉంది.

"మా అమ్మ తలెత్తి నావైపు చూడటం నాకు గుర్తున్నది రెండుసార్లే. మూడోది గీసుంటే పుస్తకం ఇంకా బాగా అమ్ముడుపోయేది," అంది. ఆ మాటలో వెటకారం లేదు, ఏడుపూ లేదు.

చివరి కాయితం నా ముందుకి జరిపింది. ఇంట్లో రోజూ పొద్దున జరిగేదే. మొదటి గడిలో భాను బూట్లు, తర్వాత సంచి, తర్వాత మా నడవ, ఆ తర్వాత తలుపు చట్రం మీద దాని వేళ్ళు, అయిదో గడిలో నా వీపు. ఆరో గడి ఖాళీ.

నేను లోపలికి వెళ్ళి నా పాస్‌పోర్టు సైజు ఫోటో తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. పోయినేడు సిటిజెన్‌షిప్ దరఖాస్తుకి తీయించుకున్నది.

"ఇది చూసి ఆ గడిలో నా మొహం గీయండి. నేను వెనక్కి తిరిగి భానుని చూస్తున్నట్టు. ఇందులో నవ్వొద్దన్నారని నవ్వలేదు. నవ్వు మీరు పెట్టండి. అది ఉంటేనే సంతకం."

ఇందులో తప్పేముందో నాకు అర్థం కాలేదు. మా వైపు పోయినవాళ్ళ ఫోటో పెద్దది చేయించేటప్పుడు స్టూడియో వాడు లేని కోటు తొడుగుతాడు. విడివిడిగా దిగిన మొగుడూ పెళ్ళాలని పక్కపక్కన కూర్చోబెడతాడు. మా నాన్న జన్మలో కోటు తొడగలేదు. గోడ మీద మాత్రం ఏళ్ళుగా కోటుతోనే ఉన్నాడు. దాన్ని అబద్ధమని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

హెల్వీ ఫోటోని చాలాసేపు చూసి తిరిగి నా వైపు జరిపింది. "గీయగలను. గీయను. భాను ఇది చూడలేదు."

"చూసింది! నేను దాని తండ్రిని! చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పాను!"

"గీయనంటోంది కదండీ, వదిలేయండి," అంది మంగళ.

"నువ్వు ఊరుకో. నీ మొహం పద్దెనిమిది చోట్ల ఉంది."

మంగళ మెల్లగా, "పిలిస్తే నేను పలికేదాన్నండీ," అంది. "అది మీ తలుపు దగ్గర నిలబడేది. నాన్నా అనేది కూడా కాదు, డిస్టర్బ్ అవుతారని. నేను మీకు చెప్పాను. మీటింగ్‌లో ఉన్నానే, తర్వాత చూస్తాలే అనేవారు."

నిందించినట్టు అనలేదు. నిందించినా బాగుండేది, తిరిగి అరవడానికి నాకు వీలుండేది.

హెల్వీ ఒక బొమ్మని వేలితో చూపించింది. నా మెడ వెనక భాగం. అక్కడొక పుట్టుమచ్చ ఉంది. నాకు తెలియదు. రంగు వేసుకున్నప్పుడు నా చెయ్యి అందని చోట తెల్లగా మిగిలిన వెంట్రుకలున్నాయి. కాలరు లోపలికి మడత పడి ఉంది.

"ఇది ఊహించి గీసింది కాదు. నిలబడి, చూస్తూ గీసింది," అంది.

"ఒక్కో బొమ్మకి ఎంతసేపు పట్టి ఉంటుంది?"

"ఇలాంటిదానికి ఇరవై నిమిషాలు. ఎక్కువే పట్టొచ్చు."

ముప్ఫై ఒక్క బొమ్మలు. పది గంటల పైన. నా కూతురు పది గంటల పైన నా వెనక నిలబడింది. నా కుర్చీ చక్రాల కుర్చీ. వెనక్కి తిరగాలంటే కాలితో కాస్త తోస్తే చాలు. పరాయి మనిషి ముందు ఏడవకూడదనుకున్నాను కానీ ఏడ్చాను. హెల్వీ ఓదార్చలేదు. మంగళ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

నేను ముక్కు తుడుచుకున్నాక హెల్వీ తన పెన్ను మూత తీసి నా ముందు పెట్టింది. "భాను చూసింది భాను గీసింది. ఈ గడి కావాలంటే మీది. మీరు చూసింది గీయండి."

"నాకు బొమ్మలు రావు."

"రాకపోయినా ఫరవాలేదు."

పెన్ను పట్టుకున్నాను. ఆ ఆఖరి రోజు పొద్దున భానుని గీద్దామనుకున్నాను. "బై నాన్నా" అంది. అది గుర్తుంది. నేను కుర్చీలోంచే చెయ్యి ఎత్తి ఊపాను. అదీ గుర్తుంది. జుట్టు వదిలేసుకుందో ముడి వేసుకుందో తెలియదు. ఆకుపచ్చ జాకెట్ వేసుకుందని తెలుసు. పోలీసులిచ్చిన కాయితంలో రాసి ఉంది. తెలిసింది గీయొద్దని ఆవిడ ముందే చెప్పింది.

చాలాసేపటి తర్వాత గీయడం మొదలుపెట్టాను. గడిలో ఒక పెద్ద చదరం. దాని లోపల మూడు వరసల్లో తొమ్మిది చిన్న చదరాలు. ఒక్కోదాంట్లో ఒక గుండ్రటి తల, రెండు కళ్ళు, ఒక నోరు. ఒకాయనకి హెడ్‌ఫోన్సు. ఒకావిడకి కళ్ళజోడు. గీత రెండు చోట్ల వంకర పోయింది. దిద్దలేదు.

మంగళ నా భుజం మీదుగా వంగి చూసింది. "ఎవరండీ వీళ్ళంతా?"

"మా టీమ్. ఆ పొద్దున వీడియో మీటింగ్."

"మరి భాను ఏదండీ?"

"నా వెనకాల ఉంది," అన్నాను.