గుర్రమెక్కే రాగం

జీతాల శనివారం. మధ్యాహ్నం మూడు దాటింది. బెల్లంపల్లి బజారులో దశరథం హోటలు ముందు కాలు పెట్టే సందు లేదు. మొదటి షిఫ్టు నుంచి పైకొచ్చి, ఒళ్లు కడుక్కోకుండా, జీతం కిటికీ దగ్గర నుంచి నేరుగా ఇక్కడికే వచ్చినవాళ్లు సగం మంది. ఎండకు చెమట, చెమటకు బొగ్గుపొడి తోడై ఒళ్లు చిటపటలాడుతున్నా ఎవరూ నీడకు పోవడం లేదు. హోటలు రేకుల మీద కట్టిన మైకు గొట్టం గురగురమంటోంది. అందరి కళ్లూ దాని మీదే ఉన్నాయి.

లోపల మైకు ముందు స్టూలు మీద రాజలింగు కూర్చున్నాడు. చంకకర్ర గోడకు ఆనించి ఉంది. నుదుటి నిండా బండారి. కొట్లో కొన్న పసుపే, కానీ ఒగ్గు కథ చెప్పేవాడు మల్లన్నకు మొక్కి పెట్టుకుంటే అది బండారి అవుతుంది. అది పెట్టుకున్న నోట అబద్ధం రాదని అతని కురుమ పెద్దల నమ్మకం. గుర్రప్పందేలు చెప్పే నోటికి బండారి ఎందుకంటే, హోటలు యజమాని దశరథాన్నే అడగాలి. పసుపు పొట్లం మొదటి రోజే తెప్పించి పెట్టినవాడు అతను.

టెలిఫోను మోగింది. దశరథం రిసీవరు ఎత్తి, రెండుసార్లు ఊకొట్టి, పెట్టేసి వచ్చి రాజలింగు చెవి దగ్గర వంగాడు.

"అయిపోయింది. ఐదో నంబరు గెల్చింది. షబ్నం ఎన్కవడ్డది. దాని మీద ఎవ్వలు పెడ్తలేరు. దాన్ని జర లేపు."

హైదరాబాదులో మలక్‌పేట గుర్రాలు పరిగెడితే బెల్లంపల్లిలో ఆ ముచ్చట చెప్పే హక్కు దశరథానిది. సర్కారు ఇచ్చిన హక్కేం కాదు. మైదానం బయట టెలిఫోను ఉన్న ఒక మనిషికి నెలనెలా ఇంత అని ముట్టజెప్పి, ఈ ఊళ్లో తనకు తప్ప ఇంకెవరికీ కబురు చేయకుండా బందోబస్తు చేసుకున్నాడు. బజారు అవతలి హోటలువాడు తనూ ఒక మైకు పెట్టి గుర్రాల పేర్లు చదవబోతే, దశరథం మనుషులు పోయి గొట్టం దింపేసి వచ్చారు. "రేసు ముచ్చట నేను కొనుక్కున్న. నీగ్గావాల్నంటే నాకాడ కొనుక్కో" అన్నాడట. గాలిలో పోయే మాటకు కూడా కంచె వేయవచ్చని ఊరికి అప్పుడు తెలిసింది.

అసలు కిటుకు అది కాదు. అక్కడ పందెం ముగిశాకే ఇక్కడ టెలిఫోను మోగుతుంది. టెలిఫోను మోగాకే ఇక్కడ మైకు మొదలవుతుంది. గుర్రాలు ఇంకా గేటు దగ్గరే ఉన్నాయని రాజలింగు చెబుతుంటే పక్క బల్ల మీద పందేలు కాస్తూనే ఉంటారు. బల్ల దగ్గర డబ్బు తీసుకునే దశరథం, గెలిచిన గుర్రం అడిగినవాళ్లకు దాని మీద ఇక జాగా లేదంటాడు. ఓడిన గుర్రాల మీద ఎంతయినా తీసుకుంటాడు. ఈ సంగతి తెలిసినవాళ్లు ఊళ్లో ఇద్దరే. అందులో ఒకడు రాజలింగు.

తెలిసి ఎలా చెబుతున్నాడంటే, మనసును మభ్యపెట్టుకోవడానికి అతనికి ఒక మంచి మాట దొరికింది. మల్లన్న కథ చెప్పేవాడికి కథ చివర తెలియదా? తెలిసే కదా, తెలియనట్టు జనాన్ని ఏడిపించి నవ్విస్తాడు. ఇదీ అంతే అనుకున్నాడు. గనిలో కప్పు నుంచి పెళ్ల విరిగి మోకాలు మీద పడ్డాక కంపెనీవాళ్లు అతన్ని, గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే లాంపు రూములో కూర్చోబెట్టి జీతం సగానికి కోశారు. ఇంట్లో భార్య, ముగ్గురు పిల్లలు. శనివారం శనివారం దశరథం ఇచ్చే ఐదు రూపాయలతో వారం బియ్యం గడుస్తుంది. కానీ ఐదు రూపాయల కోసమే అంటే అదీ పూర్తి నిజం కాదు. కాలు పోయాక అతన్ని ఎవరూ కథకు పిలవలేదు. మళ్లీ ఇన్ని వందల మంది తన గొంతు కోసం ఎండలో నిలబడుతుంటే, ఆ సంబరం అతనికి కావలసి వచ్చింది.

మైకు దగ్గరికి జరిగి మొదలుపెట్టాడు. షబ్నం నడక చెప్పాడు, దాని మెడ చెప్పాడు, దాని తెల్లటి కాలు చెప్పాడు. జనం కదల్లేదు. దశరథం బల్ల దగ్గర నుంచి గుర్రుగా చూశాడు. రాజలింగుకు పౌరుషం వచ్చింది. గొంతు సవరించుకుని, ఇంతవరకు ఏ గుర్రానికీ తీయని రాగం తీశాడు. మల్లన్న గుర్రమెక్కే రాగం. కథలో అది వచ్చిందంటే ముసలివాళ్లు కూడా లేచి నిలబడి మొక్కుతారు. ఆ రాగంలో షబ్నం పేరు కలిపి గొట్టంలోకి వదిలాడు.

ముందు వరసలో బుచ్చిరాములు కళ్లు మూసుకుని వింటున్నాడు. మెట్‌పల్లి దగ్గరి పల్లెలో రాజలింగు కథ చెబుతుంటే పక్కన డోలు కొట్టినవాడు, కరువు ఏడాది అతనితో పాటే బొగ్గుబాయికి వచ్చినవాడు. ఊపిరితిత్తుల్లో బొగ్గు నిండి దగ్గు పట్టుకుంది. ఇక గనిలో దిగవద్దని డాక్టరు చెప్పాడు. అతనూ భార్య దేవవ్వా ఏళ్ల తరబడి కూడబెట్టి ఒక చిన్న మంద గొర్రెలు కొనుక్కుని ఊరికి పోదామనుకున్నారు. ఆ రూపాయలు నడుముకు కట్టుకున్న జాలెలో ఉంటాయి.

రాగం అందుకోగానే బుచ్చిరాములు కళ్లు తెరిచాడు. రాజలింగు వైపు చూసి చిన్నగా తలాడించాడు. తర్వాత జనాన్ని తోసుకుంటూ బల్ల దగ్గరికి పోయి, చొక్కా ఎత్తి జాలె విప్పాడు.

రాజలింగు చూశాడు. అది గొర్రెల డబ్బని అతనికి తెలుసు. ఆపుదామనుకున్నాడు, ఏం చెప్పి ఆపాలో తోచలేదు, అంతలోనే పందెం మొదలుపెట్టమని దశరథం చెయ్యి ఊపాడు. గొంతు ఒక్క క్షణం కూడా తడబడలేదు. ఆ తర్వాత అతన్ని అన్నిటికంటే ఎక్కువ కాల్చింది అదే. షబ్నాన్ని ముందు పరిగెత్తించి, మలుపు దగ్గర అలసిపోయేలా చేసి, ఐదో నంబరును గెలిపించి, ఐదు రూపాయలు జేబులో పెట్టుకుని ఇంటికి పోయాడు.

సోమవారం లాంపు రూము కిటికీ దగ్గరికి బుచ్చిరాములు వచ్చాడు. మొదటి షిఫ్టు చేసి పైకొచ్చి, దీపం అప్పజెప్పి, మళ్లీ చెయ్యి చాపాడు.

"ఇంకో లాంపియ్యి రాజన్నా. రెండో షిఫ్టు గూడ జేస్త."

"డాక్టరు నిన్ను బాయిలకే దిగద్దన్నడు గదరా."

"ఆయనకేంది, అంటడు." దగ్గు వచ్చి కాసేపు కిటికీ ఊచ పట్టుకుని వంగిపోయాడు. తేరుకుని, "జాలె ఖాళీ అయింది" అన్నాడు.

"అంత పెట్టినవా?"

"అంత పెట్టిన. నీదేం తప్పు లేదే. నువ్వు గుర్రమెక్కే రాగం దీసినవా, మా అన్న నాకోసమే దీస్తుండు, సైగ జేస్తుండనుకున్న. ఇన్నేండ్లు నీ పక్కన డోలు గొట్టినోన్ని, నీ గొంతు నాకెర్కలేదా అనుకున్న. నా నసీబు మంచిగ లేకపాయె. గుర్రం మాత్రం ఏం జేస్తది పాపం!"

తిట్టినా బాగుండేది. గల్లా పట్టుకున్నా బాగుండేది. రాజలింగు దీపం తీసి ఇచ్చాడు. బుచ్చిరాములు దాన్ని టోపీకి తగిలించుకుని, దగ్గుకుంటూ గని మూతి వైపు పోయాడు. దీపం ఇవ్వనని అనవచ్చు కదా అని రాజలింగుకు అతను కనుమరుగయ్యాక తట్టింది. అప్పుడు తట్టి ఏం లాభం?

సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే దేవవ్వ దారిలో ఎదురైంది. వంటచెరుకు మోపు నెత్తిన పెట్టుకునే ఆగి మాట్లాడింది.

"బావా, మెట్‌పల్లి సంతల గొర్లమ్మే అంతయ్యకు మాటిచ్చినం. గొర్లు జూసి పెట్టిండు. మీ తమ్ముడేమో జాలె దులుపుకొనొచ్చిండు. ఏమన్నంటే మాట్లాడడు. నేను జెప్తె ఇనడు, నువ్వు జెప్తె ఇంటడు. గుర్రాల దిక్కు పోవద్దని జర గట్టిగ జెప్పు బావా. నీ నోట్లె మల్లన్న ఉంటడని ఆయనకు నమ్మకం."

"జెప్త" అన్నాడు రాజలింగు, ఆమె మొహంలోకి చూడకుండా.

బుధవారం దశరథం దగ్గరికి పోయాడు. బుచ్చిరాములు డబ్బు తిరిగి ఇచ్చెయ్యమని అడిగాడు. అడగడమైతే అడిగాడు కానీ, బిచ్చం అడిగినట్టు అడిగాడు. దశరథం కోప్పడలేదు. టీ తెప్పించాడు.

"ఇస్త. ఇస్తె నలుగురు అడుగుతరు, గానికెందుకిచ్చినవ్, మాకెందుకియ్యవని. అప్పుడేం జెప్పాలె? పందెం ముందే అయిపోయిందని జెప్పుదమా? చెప్పిన నోరు నీదాయె. నన్నెంత గుంజుతరో నిన్ను గంతకంటె ఎక్కువ గుంజుతరు." కాస్త ఆగి భుజం తట్టాడు. "ఫికర్ జెయ్యకు. మందమర్రి హోటలాయన మన ముచ్చట కొంటనంటుండు. వచ్చే శనారం ఇనిపోతడు. నచ్చితే ఆ పై వారం సంది టెలిఫోను నీ నోటికాడ పెడ్తం, నీ గొంతు ఆడ గూడ మోగుతది. నీకు పది రూపాలు."

రాజలింగు టీ తాగాడు. వద్దని అనలేదు. పది రూపాయలని మనసులో ఒక మూల లెక్క వేసుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. మందమర్రిలో కూడా ఎవరో ఒక బుచ్చిరాములు ఉంటాడు, అతని ఇంట్లో ఒక దేవవ్వ ఉంటుంది. వాళ్ల ముఖాలు ఇతనికి కనబడవు, అంతే తేడా.

శనివారం వచ్చింది. మందమర్రి హోటలాయనకు లోపల కుర్చీ వేశారు. జనం పోయిన వారం కంటే ఎక్కువే ఉన్నారు. టెలిఫోను మోగింది. దశరథం వచ్చి చెవిలో ఊదాడు.

"మూడో నంబరు. రుస్తుం ఎన్కవడ్డది. రుస్తుంను లేపు. పోయినారం రాగమే దియ్యి, గిరాకి మంచిగొచ్చింది."

రాజలింగు కిటికీలోంచి బయటకు చూశాడు. బుచ్చిరాములు ముందు వరసలోనే ఉన్నాడు. వారమంతా రెండేసి షిఫ్టులు చేసిన మనిషి నిలబడలేక స్తంభానికి ఆనుకున్నాడు. చేతిలో తువ్వాలు మూట ఉంది. ముడి సందులోంచి దేవవ్వ కాళ్ల కడియాలు తెల్లగా కనిపిస్తున్నాయి. కళ్లు మూసుకుని, చెవి గొట్టం వైపు తిప్పి, అన్న సైగ కోసం ఎదురుచూస్తున్నాడు.

రాజలింగు మైకు దగ్గరికి జరిగాడు.

"అన్నలారా, పందెం అయిపోయింది."

జనం నవ్వారు. ఇదేదో కొత్త ఎత్తుగడ అనుకున్నారు. దశరథం కూడా మందమర్రి ఆయన వైపు చూసి నవ్వబోయాడు.

"నిజమే జెప్తున్న. గుర్రాలెప్పుడో లాయంలకు వొయినయి. మూడో నంబరు గెల్చింది. టెలిఫోన్ల జెప్పిండ్రు. ఇప్పుడు మీరు పెడ్తున్న పైసలు అయిపోయిన పందానికి పెడ్తుండ్రు. నేనియ్యాల చెప్ప. రేపటి సంది గూడ చెప్ప."

దశరథం ఉరికివచ్చి తీగ పీకేశాడు. గొట్టం గుర్రుమని ఆగిపోయింది. రాజలింగు కర్ర అందుకుని, కుంటుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. ఊళ్లలో మైకు ఎక్కడుంది, వెయ్యి మందికి కథ చెప్పిన గొంతు అది.

"ప్రతి శనారం గింతే!" అన్నాడు.

కాసేపు ఎవరికీ ఏం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. బల్ల మీద ఒక చెయ్యి పడింది, దాని వెనక పది చేతులు పడ్డాయి. "మా పైసలు మాకియ్యి సేటూ" అని ఎవరో అరిచారు. దశరథం షట్టరు దించబోతుంటే ఇద్దరు కింద నుంచి ఎత్తి పట్టుకున్నారు. మందమర్రి ఆయన వెనక తలుపు వెతుక్కుంటున్నాడు. ఒకడు రాజలింగును కూడా మెడ పట్టి తోశాడు. అతను స్తంభం పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

ఆ గోలలో బుచ్చిరాములు ఒక్కడే కదలకుండా నిలబడి ఉన్నాడు.

"పోయిన శనారం?" అని అడిగాడు.

"పోయిన శనారం గూడ."

"నీకెర్కేనా?"

"ఎర్కే."

"మరి గా రాగం, అన్నా?"

"సేటు లేపుమన్నడు. లేపిన. నువ్వు జాలె ఇప్పుతుంటె సూసిన. సూసి గూడ ఆపలే."

బుచ్చిరాములు కొట్టలేదు, ఉమ్మలేదు. తువ్వాలు ముడి మరింత గట్టిగా బిగించి మూట రాజలింగు చేతిలో పెట్టాడు.

"గివి తీస్కవొయ్యి దేవవ్వకియ్యి. నాకు జెప్పినట్టే దానికి జెప్పు. నువ్వే జెప్పాలె" అన్నాడు. అని షట్టరు దగ్గరున్న జనంలోకి వెళ్లిపోయాడు.

కార్మికుల లైన్లు బజారుకు దగ్గరే అయినా, కడియాల మూట ఒక చేత, కర్ర ఒక చేత పట్టుకుని రాజలింగు చేరేసరికి చాలాసేపు పట్టింది. దేవవ్వ గడప ముందు కూర్చుని చాటలో బియ్యం చెరుగుతోంది. అతన్ని చూడగానే చాట పక్కన పెట్టి, మొహం నిండా ఆశతో లేచి నిలబడింది.

"రా బావా" అంది. "చెప్పినవా మీ తమ్మునికి?"