నలభై ఒకటో పేజీ

ఆ పట్టణంలో కమిషనర్‌గా ఆమెకది ఐదో ఏడు. అంతకు ముందు ఏడాది శిక్షణ సంస్థ వాళ్లు ఆమె చేత ఒక పుస్తకం రాయించారు. చిన్న పట్టణాల్లో కొత్తగా పగ్గాలు పట్టే అధికారుల కోసం చేతిపుస్తకం. చెత్తబండి ఏ వీధికి ఏ వేళకు వెళ్లాలి, మంచినీళ్ల పైపు పగిలితే మొదటి గంటలో ఎవరికి ఏం చెప్పాలి, కౌన్సిల్ మీటింగులో అరుపులు మొదలైతే అధికారి ఎప్పుడు నోరు మూసుకోవాలి, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. సర్క్యులర్ల భాషలో కాకుండా పక్కన కూర్చుని చెప్పినట్టు రాసింది. నూట ఇరవై పట్టణాలకు పంపారు. ఎక్కడెక్కడి వాళ్లో ఫోన్ చేసి మెచ్చుకుంటుంటే ఆమె పైకి మొహమాటపడేది గానీ, లోలోపల పొంగిపోయేది.

చదివినవాళ్లందరికీ నలభై ఒకటో పేజీ గుర్తుండిపోయింది. కూరగాయల మార్కెట్‌లో ఆడవాళ్ల కోసం ఆమె కట్టించిన మరుగుదొడ్డి కథ అది. కింద ఫోటో ఉంది. కొత్త రంగు వేసిన తలుపు ముందు నిలబడి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న బీన్స్ అమ్మే ఆవిడ. ఆవిడ గొంతెత్తితే మార్కెట్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వినబడుతుంది కాబట్టి అందరూ మైకమ్మ అంటారు. ఫోటో కింద కమిషనర్ ఇలా రాసింది: "కట్టడం సగం పనే. కట్టింది రోజూ వాడుకలో ఉందా లేదా చూసుకోవడం మిగతా సగం."

ఆ పేజీ చదివే, ఇంకో ఊళ్లో కొత్తగా కమిషనర్ అయిన అమ్మాయి మూడు గంటలు బస్సులో కూర్చుని వచ్చింది. పుస్తకం నిండా పెన్సిల్ గీతలు, రంగు చీటీలు. గదిలో కూర్చోగానే, "మేడమ్, మీరు రాసినవన్నీ ఒక్కసారి కళ్లారా చూసి వెళ్దామని" అంది.

"దానికేం, పద. మార్కెట్‌తోనే మొదలుపెడదాం" అంది కమిషనర్.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ కూడా వెంట వచ్చాడు. రిటైర్మెంటుకు ఐదు నెలలున్న మనిషి. ఎప్పుడూ నాలుగడుగులు వెనకే నడుస్తాడు, అడిగితే తప్ప మాట్లాడడు.

పదకొండున్నర అయింది. టమాటా గంపల మధ్య నుంచి, తొక్కిన క్యాబేజీ ఆకుల మీద నుంచి నడుస్తుంటే ఆ అమ్మాయి దగ్గరికి జరిగి మెల్లగా అంది: "మేడమ్, ముందు నేనే వాడుకుంటాను. బస్సు ఎక్కడా ఆగలేదు."

కమిషనర్ నవ్వింది. "నీకంటే మంచి ఇన్‌స్పెక్షన్ ఎవరు చేస్తారు!"

మార్కెట్ మూల మలుపు తిరిగారు. టీకొట్టు ముందు రెండు బెంచీలు, వాటి నిండా మగవాళ్లు. వాళ్ల ఎదురుగానే ఆ తలుపు. తలుపుకు ఆనించి చిరిగిన గోనెసంచులు, విరిగిన గంపలు ఎత్తుగా పేర్చి ఉన్నాయి. వాటి వెనక తాళం. ఎంత తుప్పు పట్టిందంటే, తాళం ఏదో గొళ్లెం ఏదో తెలియడం లేదు.

ఆ అమ్మాయి ఆగింది. తాళం వైపోసారి, కమిషనర్ వైపోసారి చూసింది.

కమిషనర్ చెవులు వేడెక్కాయి. ఆ క్షణంలో 'నాకు తెలియదు' అని ఒక్క మాట అనుంటే అక్కడితో పోయేది. కానీ నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"రిపేరు నడుస్తున్నట్టుంది. ఒకటి రెండు రోజులై ఉంటుంది." వెంటనే ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి గొంతు పెంచింది. "ఏంటండీ ఇది? మూసేసినప్పుడు నాకొక మాట చెప్పాలని తెలీదా? ఇన్నేళ్ల సర్వీసులో నేర్చుకున్నది ఇదేనా?"

టీ తాగేవాళ్లు గ్లాసులు పట్టుకుని ఇటు తిరిగారు. ఇన్‌స్పెక్టర్ తల వంచుకున్నాడు. "చూస్తాను మేడమ్" అన్నాడు, అంతే.

"రెండు రోజులా?" వెనక నుంచి వినబడింది. తిరిగి చూడనక్కర్లేదు, ఆ గొంతు ఎవరిదో మార్కెట్ అంతటికీ తెలుసు. మైకమ్మ బీన్స్ రాశి వదిలి లేచి వచ్చింది. ఫోటోలో ఉన్న మనిషి కంటే బాగా చిక్కిపోయింది. "ఇరవై రెండు నెలలమ్మా! నీ రెండు రోజులు భలే పెద్దవే."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు.

"తెల్లారకుండా నాలుగింటికి ఇంట్లోంచి బయల్దేరతాం" అంది మైకమ్మ. "మళ్లీ ఇల్లు చేరేసరికి మూడవుతుంది. అందాకా గుక్కెడు నీళ్లు తాగాలన్నా భయమే. నాకు రెండుసార్లు చలిజ్వరం వచ్చి పడిపోయాను. యూరిన్‌లో ఇన్‌ఫెక్షన్ అన్నాడు డాక్టరు. నీళ్లు బాగా తాగమ్మా అన్నాడు. తాగి, ఎక్కడికి పోను?"

"అర్జీ ఇవ్వలేదా అమ్మా?" ఆ అమ్మాయి అడిగింది.

"సోమవారం పది నుంచి పదకొండు దాకానే తీసుకుంటారట. మాకు బేరం ఉండేదే ఆ గంట. అయినా ఇద్దరికి కొట్టు అప్పజెప్పి రెండుసార్లు పోయాను. రసీదు ఇచ్చారులే. పది రోజులకి ఫోన్‌కి మెసేజ్ కూడా వచ్చింది. మీ సమస్య పరిష్కరించబడినది అని."

"అందరికీ చదివి వినిపించింది. మైకు అవసరం లేదుగా!" అంది పక్క గంప ముందు కూర్చున్న ముసలావిడ. మళ్లీ నవ్వులు.

సోమవారం పది నుంచి పదకొండు. అది పుస్తకంలో పన్నెండో పేజీ. అర్జీలకు ఒక గంట కేటాయిస్తే మిగతా వారమంతా ప్రశాంతంగా పని చేసుకోవచ్చని కమిషనర్ కొత్త అధికారులకు ఇచ్చిన సలహా.

ఆ అమ్మాయిని జీపులో ఆఫీసుకు తీసుకొచ్చింది. మధ్యాహ్నం బస్సుకు వెళ్తూ ఆ అమ్మాయి, "చాలా నేర్చుకున్నాను మేడమ్" అంది. మాటలో ఎత్తిపొడుపు లేదు. మర్యాదగానే అంది. ఎత్తిపొడుపు ఉండి ఉంటే కాస్త నయంగా ఉండేదేమో అనిపించింది కమిషనర్‌కు.

ఇన్‌స్పెక్టర్‌ను పిలిపించింది. ఇంకా కోపంగానే ఉంది, లేదా కోపాన్ని వదిలిపెట్టాలంటే భయంగా ఉంది. ఆయన ఒక ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టి, చీటీ పెట్టిన చోట తెరిచాడు.

ఆకుపచ్చ సిరా. ఆమె చేతిరాతే. "లోపలి కుళాయిలు దొంగిలించారు. కాపలా మనిషిని నియమించేవరకు తాళం వేయండి." కింద ఆమె సంతకం. ప్రారంభోత్సవమైన ఆరో వారం తేదీ. తర్వాతి కాగితం ఇన్‌స్పెక్టర్ రాసినది, కాపలా మనిషిని ఇమ్మని. దాని మీద, వచ్చి తనతో చర్చించమని ఆమె రాసిన ఒకే ఒక్క మాట: "మాట్లాడండి." రెండు నెలల తర్వాత మరో కాగితం, మళ్లీ "మాట్లాడండి." ఆఖరున మైకమ్మ అర్జీ. "మార్కెట్‌లో మరుగుదొడ్డి ఉన్నది, కావున సమస్య లేదు" అని గుమాస్తా రాసిన ముగింపు మీద కూడా ఆమె సంతకమే.

ఆ సంతకం పెట్టిన నెలలోనే ఆమె ఇంట్లో కూర్చుని నలభై ఒకటో పేజీ రాసింది.

తల ఎత్తకుండానే అడిగింది. "మాట్లాడటానికి వచ్చారా మీరు?"

"మూడుసార్లు వచ్చాను మేడమ్. మీరు పుస్తకం పనిలో ఉన్నారు."

"మరి ఇందాక అక్కడే చెప్పొచ్చు కదా. అందరి ముందూ నేనన్ని మాటలంటుంటే."

ఆయన ఫైలు తాడు సరిచేశాడు. "బయటి ఊరి ఆఫీసరు ఉన్నారు కదా మేడమ్. మీ మాట పోతుందని."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆయన వెళ్లిపోయాక కూడా ఆ ఫైలు మూయలేకపోయింది, చూడలేకపోయింది.

సాయంత్రం భర్తకు చెప్పింది. ఆయన హైస్కూల్లో తెలుగు మాస్టారు. పుస్తకం ప్రూఫులు దిద్దింది ఆయనే. అంతా విని, కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"నువ్వు కూడా కనిపెట్టలేదుగా" అంది ఆమె, ఎవరి మీదైనా కాస్త బరువు దించాలని.

"నేను అచ్చుతప్పులు దిద్దాను. ఇది అచ్చుతప్పు కాదు కదోయ్" అన్నాడు. తర్వాత కాస్త మెత్తగా, "పాపం, ఆ ఇన్‌స్పెక్టరు గారు భోజనం చేశారో లేదో" అన్నాడు. ఆమెకు ఆ ఆలోచనే రాలేదు. అది తలుచుకుని మరింత సిగ్గుపడింది.

మర్నాడు ఆరింటికే మార్కెట్‌కు వెళ్లింది. ఇన్‌స్పెక్టర్‌ను పక్కన నిలబెట్టుకుని, మైకమ్మ కొట్టు ముందు నిలబడింది. మాటలు ముందే కూర్చుకుని వచ్చింది గానీ, సగం మర్చిపోయింది.

"నిన్న ఈయన్ని మీ అందరి ముందూ తిట్టాను. తప్పు ఈయనది కాదు. తాళం వేయమని సంతకం పెట్టింది నేను. రిపేరు అన్నది కూడా అబద్ధం."

బేరాలు ఆగిపోయాయి. ఇన్‌స్పెక్టర్ తనే తప్పు చేసినట్టు ముడుచుకుపోయి, "అబ్బే, పర్లేదు మేడమ్, పర్లేదు" అంటున్నాడు. ఆయన్నలా చూస్తుంటే ఈ క్షమాపణ కూడా ఆయన మీద వేసిన బరువేనేమో అనిపించింది ఆమెకు.

మైకమ్మ త్రాసు కింద పెట్టింది. "సరేనమ్మా, చెప్పావు. ఇప్పుడు తలుపు సంగతి చూడు."

తాళం చెవి ఎక్కడా దొరకలేదు. సుత్తితో పగలగొట్టించారు. లోపల పాత బ్యానర్లు, పగిలిన చెత్తడబ్బాలు, గడ్డకట్టిన సున్నం బస్తాలు. అవన్నీ ఎత్తిస్తూ కమిషనర్, "రేపటికల్లా కడిగించి తెరిచేస్తాను" అంది.

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తెరిచినా మేం రాంలే అమ్మా" అంది ముసలావిడ.

"ఎందుకని?"

"అటు చూడు" అని బెంచీల వైపు గడ్డం ఎత్తింది. "అంతమంది మగాళ్ల ఎదురుగా లోపలికెలా పోతాం? తాళం లేని ఆ ఆరు వారాలు మాత్రం ఎవరెళ్లారు? కట్టేటప్పుడు మమ్మల్ని ఒక్క మాట అడిగితే చెప్పేవాళ్లం."

అడగలేదు. ఇంజనీరును అడిగింది, వార్డు కౌన్సిలర్‌ను అడిగింది. మైకమ్మను ఎక్కడ నిలబెడితే వెలుగు బాగా పడుతుందని ఫోటోగ్రాఫర్‌ను కూడా అడిగింది. వాడుకునే వాళ్లను తప్ప అందరినీ అడిగింది.

ఆ రోజు బోర్లించిన గంప మీద కూర్చుని గంటన్నర విన్నది. రాసుకోవడానికి కాగితం తీస్తే మైకమ్మ, "రాసింది చాల్లే, విను" అంది. వెనక గోడ వైపు, ఉల్లిపాయల కొట్ల సందులోకి తలుపు తిప్పాలన్నారు. పగలు అసలు తాళమే వద్దన్నారు. శుభ్రం చేసే మనిషి పొద్దున ఎనిమిదికి వస్తే లాభం లేదని, నాలుగున్నరకు ఒకసారి, పదింటికి ఒకసారి రావాలన్నారు. ఇవేవీ పెద్ద విషయాలు కావు. ఏ ఒక్కటీ ఆమె పుస్తకంలో లేదు.

గోడ పగలగొట్టి తలుపు తిప్పడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. తెరిచిన రోజు ఫోటోగ్రాఫర్‌ను పిలవలేదు. అయినా ఎవరూ లోపలికి వెళ్లకపోయేసరికి కమిషనర్ కంగారుపడింది. చివరికి మైకమ్మే అంది: "అమ్మా, నువ్వలా కాపలా కాస్తుంటే మేమెలా పోయేది? నీ ఆఫీసుకి నువ్వెళ్లు." అందరూ పగలబడి నవ్వారు. ఆమె తల దించుకుని, తనూ కాస్త నవ్వి, వచ్చేసింది.

శిక్షణ సంస్థ డైరెక్టర్‌కు ఫోన్ చేసి నలభై ఒకటో పేజీ తప్పని చెప్పింది. "పుస్తకానికి మంచి పేరొచ్చింది కదండీ. ఒక్క పేజీ కోసం మన పరువు మనమే తీసుకోవడం దేనికి? రెండో ముద్రణలో చూద్దాం లెండి" అన్నాడాయన. రెండో ముద్రణ ఎప్పుడని అడిగితే ఆయనకే తెలియదు.

దాంతో ఆమె తనే నూట ఇరవై పట్టణాలకు ఉత్తరం రాసింది. మొదటి చిత్తులో 'పరిస్థితుల వల్ల', 'సిబ్బంది కొరత వల్ల' అన్న మాటలు దొర్లాయి. కొట్టేసింది. రెండో చిత్తులో తన్ను తాను తిట్టుకున్న పేరా ఒకటి ఉంది. చదువుకుంటే అది కూడా మెప్పు కోసం రాసినట్టే ఉంది, దాన్నీ కొట్టేసింది. మిగిలింది ఇంతే: నలభై ఒకటో పేజీ రాసేనాటికి ఆ మరుగుదొడ్డి నా సంతకంతోనే మూతపడి ఉంది. నేను వెళ్లి చూడలేదు. పన్నెండో పేజీలో చెప్పిన సోమవారం గంట వల్ల ఆ సంగతి చెప్పాలనుకున్నవాళ్లలో చాలామంది నా దాకా రాలేకపోయారు. వచ్చిన అర్జీ కూడా నా సంతకంతోనే ముగిసిపోయింది. ఆ రెండు పేజీలూ పాటించకండి. మీ ఊళ్లో ఏ తాళం ఎవరు వేయించారో ఒకసారి చూసుకోండి.

పదకొండు జవాబులు వచ్చాయి. మిగతావాళ్లు ఏమీ అనలేదు. తర్వాత జరిగిన కమిషనర్ల సమావేశంలో ఆమె లోపలికి వస్తుంటే ఒక మూల మాటలు ఆగిపోయాయి. ఎవరో, "మేడమ్, తాళంచెవి తెచ్చారా?" అన్నారు. ఆమె వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

ఆ అమ్మాయి మాత్రం ఉత్తరం రాయలేదు, ఫోన్ చేసింది.

"మేడమ్, మా ఊళ్లో ఇలాంటివి మూడు ఉంటే రెండింటికి తాళాలే" అంది.  "ఆ రోజు మీరు రిపేరు అన్నారు కదా. అది నేను రాసుకున్నాను. తిరిగొచ్చాక మా రెండింటి మీదా 'మరమ్మతులు జరుగుతున్నవి' అని బోర్డులు పెట్టించాను. అడిగేవాళ్లకి సమాధానం ఉంటుందని. అబద్ధమని నాకూ తెలుసు. మీ ఉత్తరం వచ్చాక తీయించాను."

రిపేరు అన్న తన మాట కమిషనర్‌కు మళ్లీ వినబడింది. పుస్తకం నిండా గీతలు గీసుకుని వచ్చిన పిల్ల తన దగ్గర నేర్చుకుని వెళ్లింది అది.

"మేడమ్, ఉన్నారా?"

"ఉన్నానమ్మా."

"తలుపులు తెరిపించాను. నీళ్ల కనెక్షన్ ఇంకా లేదు. అందుకని..."

"ముందు అక్కడి ఆడవాళ్ల దగ్గర కూర్చో. నాలాగా అంతా అయ్యాక కాదు, ఇప్పుడే" అంది కమిషనర్.  అంతకు మించి సలహా చెప్పడానికి మొహం చెల్లలేదు.

ఇప్పుడు అర్జీల గంట లేదు. మధ్యాహ్నం రెండు దాటాక, మార్కెట్ సర్దుకునే వేళ, ఆమే వీధుల్లోకి వెళ్తుంది. ఇన్‌స్పెక్టర్ రిటైరయ్యేదాకా ఆయన్ని పక్కన నడవమంది. ఆయన రెండడుగులు ముందుకు జరిగాడు గానీ, మిగతా రెండూ జరగలేదు. మార్కెట్ దాటేటప్పుడు ఆమె నడక ఇప్పటికీ కాస్త వేగమవుతుంది. ఎవరూ ఏమీ అనరు. అయినా అంతే.

మొన్నొక రోజు అలా దాటిపోతుంటే వెనక నుంచి గొంతు వినబడింది.

"కమిషనరమ్మా! పొద్దుట్నుంచి కుళాయిలో నీళ్లు రావట్లేదు. ఎక్కడికలా పరిగెడతావ్, ఇటొచ్చి చూడు!"

మార్కెట్ మార్కెట్టంతా తలలు తిప్పి చూసింది. ఆమె చెవులు మళ్లీ వేడెక్కాయి. వెనక్కి తిరిగి, ఉల్లిపాయల సందులోకి నడిచింది.