జేబు సామాను

పగలు రెండు దాటినా నర్సింగ్ ఇంకా అన్నం తినలేదు. గల్ఫ్ దేశంలో, జుఫైర్‌లోని ఆ లాండ్రీలో ఇస్త్రీకి ఇంకా అరవై జతల మిలిటరీ యూనిఫారాలున్నాయి. నెలకు నూట పది దినార్లకు పదకొండేళ్లుగా నిలబడి చేస్తున్న పని. మోకాళ్లు చెప్పి చెప్పి విసిగిపోయాయి.

లాండ్రీకి ఒక పద్ధతి ఉంది. జేబులో ఉంగరం దొరికినా, చిత్తుకాగితం దొరికినా, విప్పి చూడకుండా కవరులో పెట్టి, బట్టలిచ్చిన మనిషి నంబరున్న చొక్కాకే పిన్నుతో గుచ్చాలి. ఆ నమ్మకంతోనే పరదేశపు సిపాయిలు ఇక్కడికొస్తారు.

మెడ మీద కిరీటం పచ్చబొట్టున్న సిపాయీ అలాగే వచ్చాడు. అతను తన దేశంలో ఒక ముఠా మనిషని, యూనిఫారం తొడిగినా ముఠాను వదల్లేదని తోటి సిపాయే ఒకడు చెప్పిపోయాడు. అతని జేబులో నల్ల టేపు చుట్టిన పొట్లం ఉంటుంది. దాన్ని మాత్రం అతను చెప్పిన ఇంకొకరి నంబరు చొక్కాకు గుచ్చి పంపాలి.

పోయిన నెల అలా పొట్లం గుచ్చిన బట్టలు ఇవ్వబోయిన తోటి పనివాడు పరశురాంను పోలీసులు పట్టుకున్నారు. సిపాయి తనకేమీ తెలియదన్నాడు. అది ఎవరి జేబులోదో చెప్పగలిగినవాడు నర్సింగే, గుచ్చింది అతనే కనుక. చెబితే తననూ లోపల వేస్తారని నోరు మెదపలేదు. పరశురాం భార్య మల్లిక ఊరి నుంచి రోజూ ఫోను చేస్తుంది. వారంగా నర్సింగ్ సిగ్గుతో ఎత్తడం లేదు.

ఇవాళ పొట్లం మళ్లీ వచ్చింది. సూపర్‌వైజర్ జావేద్ చెడ్డవాడేం కాదు, మిలిటరీ గిరాకీ పోతే దుకాణం మూతపడుతుందని భయం. ఈసారి ఆ బట్టలు నర్సింగే పట్టుకుపోయి ఇవ్వాలన్నాడు.

"నలభై రెండుకు గుచ్చు, నర్సింగ్ భాయ్. మనం చూడలే, మనకు తెల్వదు. ఖలాస్."

నర్సింగ్ కవరు మీద సిపాయి నంబరే, పదిహేడు, పెద్దగా రాశాడు. అతని చొక్కాకే గుచ్చాడు.

సాయంత్రం సిపాయి వచ్చి చూసుకున్నాడు. కవరు పీకి కౌంటరు మీద నర్సింగ్ వైపు తోశాడు. నర్సింగ్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఎవల జేబుల సామాను వాళ్లకే, సాబ్. నేను ముట్ట."

మాట అర్థం కాకపోయినా సిపాయికి ఆ చేతులు అర్థమయ్యాయి. జావేద్ తల దించుకున్నాడు. అప్పుడే నర్సింగ్ ఫోను మోగింది. మల్లిక. అందరి ముందే ఎత్తాడు.

"మల్లికా, ఆ పొట్లం గుచ్చింది నేనే, బిడ్డా. పోలీసులడిగినా గదే చెప్త."