పొట్ట కోయని చేప

గాలం వేసేవాణ్ణి "ఎక్కడ పట్టావు" అని అడగడం తప్పు. అడిగితే నిజం చెప్పడం అంతకంటే పెద్ద తప్పు. వయోమింగ్‌లో ఆ జలాశయం చుట్టూ ఈ మర్యాద తెలియనివాళ్ళెవరూ లేరు. ఏ ఎర వేశావని అడిగితే మాత్రం గంటసేపు చెబుతారు. వానపామును మెడ పట్టీ దగ్గర ఒక్కసారే గుచ్చాలంటారు. సూదితో ఒంట్లోకి కాస్త గాలి ఎక్కిస్తే బురదలో కూరుకుపోకుండా జానెడు పైకి తేలుతుందంటారు. ఫ్రిజ్‌లో తడి నాచులో దాచుకోమని చెప్పి, తమ డబ్బాలోంచి గుప్పెడు తీసి ఇచ్చి మరీ పంపిస్తారు. చోటు దగ్గరికొచ్చేసరికి కన్నతల్లికైనా అబద్ధమే. ఇదేం జబ్బో ఆ నీళ్ళకే తెలియాలి.

ఆ అబద్ధాల్లో వెర్లిన్‌ను కొట్టినవాడు లేడు. రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి రిటైరయ్యాడు. ఇప్పుడు పొద్దున లేస్తే పడవ, సాయంత్రమైతే కోతలు. రేవులో ఎరల కొట్టు నడిపే ఇర్మా కొత్తవాళ్ళను పిలిచి, "వెర్లిన్ తూర్పంటే మీరు పడమటికి పోండి, నాలుగు చేపలన్నా పడతాయి" అని అందరి ముందూ అనేది. అది విని వెర్లిన్ బిరుదేదో ఇచ్చినట్టు మురిసిపోయేవాడు.

అలాంటి వెర్లిన్ మే నెలలో ఒక మధ్యాహ్నం రేవులో పోలీసు డిప్యూటీ ప్రెస్లర్ కోటు పట్టుకుని వదలడంలేదు.

"ఎర్రచరియ కిందికి పంపించు నాయనా నీ పడవని! మా బావ అక్కడున్నాడు. ఆనకట్ట దగ్గర ఎంత తిరిగినా వాడి టోపీ కూడా దొరకదు."

బావంటే లోయెల్. వెర్లిన్ చెల్లెలు మార్వా మొగుడు. తెల్లారుజామున పడవ దింపాడు. పదింటికల్లా పడమటి గాలి లేచింది. నీళ్ళ మీద మంచు కరిగి వారం కూడా కాలేదు, వేలు పెడితే ఎముక పీకుతుంది. భోజనానికి రావలసిన మనిషి రాలేదు. అతని పికప్ బండీ, వెనక ఖాళీ ట్రెయిలరూ రేవులోనే ఉన్నాయి. మార్వా ఫోన్ చేస్తే డిప్యూటీ వచ్చాడు, గాలింపు పడవ వచ్చింది.

"ఆనకట్ట దగ్గరికని వాళ్ళావిడకు చెప్పి వెళ్ళాడట కదయ్యా," అన్నాడు ప్రెస్లర్.

"పెళ్ళానికి ఎవడు నిజం చెబుతాడండీ? అది జుట్టు కత్తిరించే షాపులో కూర్చుని ఊరంతా చాటింపు వేస్తుంది! ఎర్రచరియ అని నిన్న వాడికి చెప్పింది నేనే. మొన్న నాకు పడ్డ పెద్ద ట్రౌట్ చూసి వాడికి నిద్ర పట్టలేదు. ఎక్కడ పడిందో చెప్పమని ప్రాణం తోడాడు. ఎర్రచరియ కింద, ఏటి రొయ్య తోక ఎర వేశానని చెవిలో చెప్పా."

"అంటే చేప ఎర్రచరియ దగ్గర పడిందా?"

"పడలేదు."

"మరి?"

"అబద్ధం చెప్పానయ్యా! అందుకే కదా అక్కడికి పోయుంటాడంటున్నా!"

కొట్టు గుమ్మంలోంచి ఇర్మా గట్టిగా అంది. "డిప్యూటీగారూ, వెర్లిన్ మాట పట్టుకుని పడవ తిప్పారంటే లోయెల్ ముసలాడయ్యాక దొరుకుతాడు."

రేవులో నిలబడ్డ ఇద్దరు ముగ్గురు నవ్వారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అలవాటు, అంతే. జీవితంలో మొట్టమొదటిసారి, తన అబద్ధాల మీద ఎవరో నవ్వితే వెర్లిన్‌కు ఏడుపొచ్చింది.

"మా అమ్మ మీద ఒట్టు," అన్నాడు. "మా అమ్మ సమాధి మీద ఒట్టు. నా చెల్లెలి పసుపు కుంకుమలు అక్కడున్నాయి, పంపించండి."

అప్పటికే కారు దిగి వస్తున్న మార్వా అతని ముఖం చూసింది. ఆ ముఖాన్ని చిన్నప్పటినుంచీ ఎరుగును. "వెళ్ళనివ్వండి," అంది డిప్యూటీతో. "అన్నయ్య నిజమే చెబుతున్నాడు."

ప్రెస్లర్ వైర్‌లెస్‌లో మాట్లాడాడు. ఆనకట్ట వైపు తిరుగుతున్న గాలింపు పడవ ముక్కు తిప్పుకుని దూరంగా, తూర్పు కొసకు, ఎర్రచరియకు బయలుదేరింది. గాలికి ఎదురు కాదు కాబట్టి తొందరగానే చిన్నదైపోయింది. వెర్లిన్ రేవు మెట్ల మీద కూర్చుని అటే చూస్తున్నాడు.

మార్వా పక్కన కూర్చుంది. లోయెల్ స్వెటర్ ఒళ్ళో పెట్టుకుని మడత పెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడత పెడుతోంది.

"లైఫ్ జాకెట్ వేసుకునుంటాడా అన్నయ్యా?"

"వేసుకునుంటాడమ్మా." అది కూడా అబద్ధమే. లోయెల్ లైఫ్ జాకెట్‌ను పీట మీద దిండుగా వేసుకుని కూర్చుంటాడని ఇద్దరికీ తెలుసు.

మార్వా అంది, "నీ చేపే కొంప ముంచింది. నిన్న రాత్రి వండేముందు దాన్ని పట్టుకుని సింకు దగ్గర ఎంతసేపు నిలబడ్డాడో! పొట్ట చీరి, పేగులు కోసి, అందులో ఉన్నదంతా గిన్నెలో వేసుకుని దీపం కింద పెట్టుకున్నాడు. నారింజ రంగు పురుగులు, బుల్లి రొయ్యల్లా ఉన్నాయి. తనలో తనే నవ్వుకున్నాడు. 'మీ అన్న దొరికాడే' అన్నాడు. నాకేం అర్థం కాలేదు."

వెర్లిన్‌కు అర్థమైంది.

అతను ఎవరికి చేప ఇచ్చినా పొట్ట కోసి, శుభ్రం చేసి ఇచ్చేవాడు. జనం అదేదో మంచితనం అనుకునేవారు. చేప నోరు విప్పి చెప్పకపోయినా దాని పొట్ట అంతా చెప్పేస్తుంది. ఏం తిందో చూస్తే ఎక్కడ తిరిగిందో తెలిసిపోతుంది. మొన్న ఆ చేప ఒడ్డూ పొడుగూ చూపించి బావను ఏడిపించాలన్న సరదాలో, కోస్తే బరువు తగ్గిపోతుందని, ఉన్నదున్నట్టు తీసుకెళ్ళి వాళ్ళ వంటింటి బల్ల మీద పెట్టాడు. ఇన్నేళ్ళలో పొట్ట కోయకుండా ఇచ్చింది ఆ ఒక్క చేపే.

నారింజ రంగు పురుగులు జలాశయం మొత్తంలో ఒకే చోట ఉంటాయి. పడమటి పాయలో, అడుగున ఊట ఉబికే చోట, పచ్చి నాచులో. ఆనకట్ట కట్టకముందు అక్కడ పశువుల దొడ్డి ఉండేది. దొడ్డి గుంజలూ వాటికి చుట్టిన ముళ్ళతీగా ఇంకా నీళ్ళకింద నిలబడే ఉన్నాయి. ఈ రోజుల్లో నీటిమట్టం తక్కువ, అవి జానెడు లోతులోనే ఉంటాయి. పైకి కనపడవు, పడవకు మాత్రం తగులుతాయి. వెర్లిన్ ఆ చోటికి చాలా ముందుగానే మోటారు ఆపి పైకెత్తి, తెడ్లు వేసుకుంటూ పోతాడు. ఆ గుంజల సంగతి లోకంలో అతనొక్కడికే తెలుసు.

లోయెల్ వెర్లిన్ అబద్ధాన్ని నమ్మలేదు. నమ్మి ఉంటే ఎర్రచరియ కింద గాలి తగలని మూలలో హాయిగా కూర్చుని, ఒక్క చేపా పడక తిట్టుకుంటూ ఇంటికొచ్చేవాడు.

"డిప్యూటీ!" అని కేకేస్తూ లేచాడు. "ఎర్రచరియ కాదు! దొడ్డి! పడమటి పాయలో పాత దొడ్డి దగ్గర!"

ప్రెస్లర్ వెనక్కి తిరిగాడు. "ఇప్పుడేగా అమ్మ మీద ఒట్టు పెట్టుకున్నావు."

"అప్పుడు నాకు తెలియదు!"

"చూడు పెద్దాయనా, పడవ ఒక్కటే. తూర్పు కొసకు చేరింది. అక్కడ వెతికాక తిప్పుతాను. నువ్వు పూటకో చోటు చెబితే నేను ఎక్కడని పంపను?"

ఆ మాటలో తప్పేముంది? ఎవడైనా అదే అంటాడు. వెర్లిన్ తన పడవ దగ్గరికి పరుగెత్తాడు. తాడు విప్పుకున్నాడు. ఇర్మా కొట్టులోంచి పరుగెత్తుకొచ్చి రెండు రగ్గులు, వేడి కాఫీ ఫ్లాస్కు పడవలో పడేసింది. "ఈసారి నిజమేనా వెర్లిన్?" అంది. అతను మోటారు తాడు లాగాడు.

పడమటికి పోవడమంటే గాలికి ఎదురు పోవడం. ప్రతి అలకూ పడవ ముక్కు లేచి దబ్బున పడుతోంది. నీళ్ళు ముఖాన కొడుతున్నాయి. వెర్లిన్ దేవుణ్ణి తిట్టాడు, మొక్కాడు, మళ్ళీ తిట్టాడు. బతికుంటే చాలు, ఆ చోటు పెద్ద బోర్డు రాసి రేవులో తగిలిస్తానన్నాడు. ఈ మోటారు ఇంత నెమ్మదని ఎప్పుడూ అనిపించలేదు.

పాయ మలుపు తిరిగాక ముందుగా కనపడింది లోయెల్ పడవ, సగం మునిగి, వెనక భాగం ముళ్ళతీగకు చిక్కుకుని. దిండులా వాడిన లైఫ్ జాకెట్ దూరంగా తేలుతోంది. గుంజ ఒకటి అలల మధ్య తల చూపిస్తోంది. దాన్ని కౌగలించుకుని లోయెల్.

వెర్లిన్ మోటారు ఎత్తి తెడ్లు వేశాడు. ఇక్కడ తొందరపడితే తన పడవా చిక్కుకుంటుంది. ఇద్దరూ పోతారు. ఎదురుగా మనిషి పోతుంటే అంగుళం అంగుళం జరగడమంటే ఏమిటో ఆ ఒడ్డున మరెవరికీ తెలియదు.

"బావా! వచ్చేశా బావా! వదిలెయ్, పట్టుకున్నా!"

లోయెల్ చేతులు వదలలేదు. వాటికి వదలడం చేతకాలేదు. వెర్లిన్ ఒక్కొక్క వేలే విప్పాడు. పడవలోకి ఎలా లాగాడో తర్వాత అతనికే తెలియలేదు. లోయెల్ మణికట్టుకు చుట్టుకున్న తాడు చివర రెండు ట్రౌట్లు కూడా లేచి వచ్చి పడవలో తపతప కొట్టుకున్నాయి. వాటికింకా ప్రాణముంది.

తడి బట్టలు చించి, రగ్గులు చుట్టి, పెదాలకు కాఫీ తగిలించాడు. కాఫీ గడ్డం మీదుగా కారిపోయింది. అన్నిటికంటే వెర్లిన్‌ను భయపెట్టింది వేరే ఉంది. లోయెల్ వణకడంలేదు. ఇంత చలిలో మనిషి వణుకుతున్నంతసేపూ భయం లేదని మంచు తోసిన రోజుల్లోనే నేర్చుకున్నాడు.

వెనక్కి గాలి తోడుంది. ఒక చేత్తో మోటారు, ఒక చేత్తో బావ తల పట్టుకుని రేవు వైపు తిప్పాడు.

"నిద్రపోకు బావా. నా మాట విను. అన్నీ చెప్పేస్తా, ఒక్కటి కూడా దాచను. మంచు కరిగిన వారంలో మొత్తం వానపాము పెట్టకూడదు, సగానికి తుంపాలి. చేపకు ఆకలుంటుంది గానీ నమలడానికి ఓపికుండదు. వింటున్నావా?"

లోయెల్ పెదాలు కదిలాయి. వెర్లిన్ చెవి దగ్గర పెట్టాడు.

"అబద్ధం," అన్నాడు లోయెల్.

"నిజం బావా! ఒట్టు! మేఘం పట్టిన రోజు వానపాములు మానేసి జలగ వెయ్యి. తోక వైపు గుచ్చాలి, తల వైపు కాదు. తల గుచ్చితే ముడుచుకుపోతుంది. పోయినేడు ఆనకట్ట దగ్గర పట్టానని గొప్పలు చెప్పిన చేప నాకు పడలేదు, కొన్నా! ఇర్మాకు కూడా తెలియదు. నవ్వు బావా. తిట్టు. ఏదో ఒకటి అను."

"ఎర్రచరియ... అన్నావుగా," అన్నాడు లోయెల్. పెదవి ఒక మూల కాస్త పైకి లేచింది. నవ్వే.

"బుద్ధి లేక అన్నా. నువ్వు నమ్మకపోతివి కదరా! ఒక్కసారి నమ్మి చావచ్చుగా!" అని వెర్లిన్ ఏడుస్తూనే కేకలు పెట్టాడు. తనకు తెలిసిన చోట్లన్నీ చెప్పాడు. చలమ రాయి వెనక గుంట, దక్షిణపు వాగు మొగ, చచ్చిన దేవదారు కింది నీడ, అన్నీ. ఏ చోట ఏ ఎర, ఏ పూట, ఎంత లోతు. ఇన్నేళ్ళుగా పళ్ళబిగువున దాచుకున్నదంతా గాలిలోకి అరిచాడు. ఎక్కడో సగంలో లోయెల్ వినడం మానేశాడు. వెర్లిన్ చెప్పడం మాత్రం మానలేదు. మానితే తెలిసిపోతుందని భయం.

రేవులో అంబులెన్స్ వాళ్ళు నీళ్ళలోకి దిగి పడవ పట్టుకున్నారు. గుండె మీద నొక్కారు, గొట్టాలు పెట్టారు, చాలాసేపు వదలకుండా పనిచేశారు. అప్పుడే తిరిగొచ్చిన గాలింపు పడవలోని మనుషులు తలలు వంచుకుని నిలబడ్డారు. ఇర్మా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చివరికి అంబులెన్స్ వాళ్ళలో ఒకాయన లేచి మార్వా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

మార్వా ఏడవలేదు. మడత పెట్టిన స్వెటర్ మొగుడి మీద కప్పింది. పడవ అంచు పట్టుకుని నిలబడ్డ అన్నగారి దగ్గరికొచ్చింది.

"ఎక్కడ దొరికాడు?"

"పడమటి పాయలో," అన్నాడు వెర్లిన్. "పాత దొడ్డి గుంజ దగ్గర. ఊట పక్కన." చెయ్యెత్తి రేవులో అందరికీ కనపడేటట్టు ఆ చోటు చూపించాడు.

మార్వా అటు చూడలేదు. అతని చొక్కా కాలరు రెండు చేతులతో పట్టుకుని, ముఖంలోకి చూస్తూ, బతిమాలుతున్నట్టు అంది:

"ఈ ఒక్కటైనా నిజం చెప్పన్నయ్యా."