ఆగయ్య మొహం

నా పేరు బిక్షం. గోదావరిఖనిలో దీపాల గదిలో పనిచేసేవాణ్ని. గనిలోకి దిగేవాళ్లకు టోపీకి తగిలించుకునే బ్యాటరీ దీపం ఇవ్వడం, ఎక్కి వచ్చాక వాపసు తీసుకోవడం నా డ్యూటీ. ఊరందరికీ వెలుగు పంచి, తాను మాత్రం ఎన్నడూ వెలుగులోకి రాని ఉద్యోగమది. పక్క క్వార్టరు యేసుదానానిది. అతను దానం, నేను బిక్షం. క్వార్టర్లు పంచినవాడెవడో లెక్క తెలిసినవాడని ఎదురుపడ్డ ప్రతివాడికీ చెప్పేవాణ్ని. యేసుదానం ప్రతిసారీ కొత్తగా విన్నట్టే నవ్వేవాడు. అంత మంచి మనిషి.

మా ఊళ్లో అందరూ బొగ్గు తీస్తే అతను బొమ్మ తీసేవాడు. వర్క్‌షాపులో పెయింటరు. 'ప్రమాదం, దూరంగా ఉండుము' అని రాసి కింద పుర్రె, రెండు ఎముకలు వేసేవాడు. ఆ పుర్రె ఎంత బాగుండేదంటే, దూరంగా ఉండాల్సిన జనమంతా దాన్ని చూడ్డానికి దగ్గరికి వచ్చేవాళ్లు. గని ముందున్న మైసమ్మకు కళ్లు దిద్దిందీ అతనే, క్రిస్మస్‌కు చర్చిలో పశువుల పాక బొమ్మలు చేసిందీ అతనే. మైసమ్మ సంగతి విని వాళ్ల పాస్టరుగారు ఏమంటారోనని నేను బెంగపడుతుంటే, ఆయనే వచ్చి చూసి, పాకలోని మరియమ్మకు కూడా ఇలాంటి కళ్లే పెట్టవయ్యా అని చెప్పి వెళ్లారు.

అసలు పని డ్యూటీ దిగాక, ఇంటి వెనక రేకుల చాటున జరిగేది. గోదావరి ఒడ్డు నుంచి సైకిలు మీద మట్టి తెచ్చి, తడి గోనె కింద ఎప్పుడూ మెత్తగా ఉంచేవాడు. ఎవరితోనైనా మాట్లాడుతూ మాట్లాడుతూ తన బొటనవేలితో తన చెంపనే ఒత్తుకునేవాడు; ఎదుటివాడి ఎముకను తన ఎముక మీద కొలుచుకుంటున్నాడన్నమాట. తల చేసేవాడు, కొన్నాళ్లు చూసుకునేవాడు, మళ్లీ ముద్ద చేసి ఇంకొకరి తల మొదలుపెట్టేవాడు. నాదీ చేశాడు. నాకు తలకాయ ఉందని మా ఆవిడ మొదటిసారి ఒప్పుకున్నది అప్పుడే. వారం తిరిగేసరికి అదే మట్టి గనిలో అజమాయిషీ చేసే మా ఓవర్‌మన్ అయింది. నా సర్వీసులో నాకొచ్చిన ప్రమోషను అదొక్కటే.

అలాంటివాడి దగ్గరికి పూలమ్మ వచ్చింది. పంతొమ్మిదివందల డెబ్బయ్యో డెబ్బయ్యొకటో, వానాకాలం.

పూలమ్మ భర్త ఆగయ్య గనిలో బొగ్గు నింపేవాడు. పేరుకే ఆగయ్య, ఒక్కచోట ఆగేవాడు కాదు. ఒక గంప బొగ్గు పట్టాల మీది టబ్బులో పడేలోపల రెండో గంప నింపేవాడని జట్టువాళ్లు చెప్పుకునేవాళ్లు. ఆ ఎండాకాలం కామెర్లు వచ్చి పోయాడు. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఒక్కసారీ దిగలేదు. అట్లా జాగ్రత్త చేసుకున్న ఆయుష్షు ముప్పై దాటిందో లేదో.

పెత్రమాస దగ్గరికి వస్తున్నది. ఆ రోజు పోయినవాళ్ల పేరున బియ్యమివ్వాలి, వాళ్లను తలుచుకోవాలి. పూలమ్మకు తలుచుకోవడమే కష్టమైపోయింది. ఆయన దగ్గు వినిపిస్తున్నదట, చెప్పుల చప్పుడు వినిపిస్తున్నదట. మొహం మాత్రం అందడం లేదు.

"దినాం కొంచెం కొంచెం పోతున్నదన్న," అంది యేసుదానంతో. "మొన్నటిదాంక ముక్కు యాదికుండె. ఇయ్యాల పొద్దుగాల అదిగూడ దొరకలె. మొత్తం పోకముందే చేసియ్యి."

చేసివ్వాలంటే ముందు మొహం కావాలి కదా. యేసుదానం ఆగయ్యను చూసే ఉంటాడు గానీ, షిఫ్టులో ఎక్కి దిగే వందలమందిలో ఒకడిగా. నన్నడిగాడు. దీపాల గది కిటికీలోంచి నాకు కనిపించేది ఒక చెయ్యి, ఆ చేతిలో ఒక నంబరు బిళ్ల. ఆగయ్య నంబరు నాకు కంఠతా వచ్చు, కంఠం పైన ఏముండేదో మాత్రం తెలియదు. ఇక మిగిలినవి జట్టువాళ్ల మాటలే. మాటలు పెట్టి మొహం చెయ్యమంటున్నది, దీన్నే మొహమాటం అంటారని నేనన్నాను. యేసుదానం నవ్వలేదు. అప్పటికే అతని బొటనవేలు చెంప మీద ఉంది.

సదయ్య, పోశం ఆగయ్యతో ఒకే జట్టులో పనిచేసినవాళ్లు. యేసుదానం వాళ్లను క్యాంటీనులో కూర్చోబెట్టి చాయ్ మీద చాయ్ తాగించాడు. కళ్లు ఎట్లుండేవి, నవ్వితే ఏ పన్ను ముందు కనిపించేది, చెంపలు నిండా ఉండేవా లోపలికి ఉండేవా అని అడిగాడు. వాళ్లు ఒకరి మాట మీద ఒకరు పడి చెప్పారు. పెద్ద కళ్లన్నారు, మెరిసే కళ్లన్నారు, పలువరస జొన్నకంకి అన్నారు. తల తయారైంది. చూడ్డానికి వచ్చిన సదయ్య గుమ్మంలోనే కూలబడ్డాడు. పోశం దాని ముందు బీడీ తీసి, ముట్టించకుండా మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఇక అనుమానమేముంది, పూలమ్మకు కబురు పెట్టాం.

ఆమె వచ్చి ముందు నుంచి చూసింది, పక్కకు జరిగి చూసింది. మర్యాద తప్పకూడదని మరోసారి చూసింది.

"ఎవ్వలన్న గీయన?" అంది.

ఆమె కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

"మూసెయ్యన్న. గీ మొఖం నా కండ్లల్ల కూసున్నదంటె, ఉన్న కొద్దిపాటి గూడ పోతది."

గోనె కప్పాక గానీ ఆమె చెయ్యి దించలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో ఆమె వెళ్లాక తెలిసింది. సదయ్య, పోశం ఆగయ్యను చూసింది గని లోపల. అక్కడ మనిషంటే నల్లటి పొడి మీద రెండు కళ్లు, ఒక పలువరస. ఎదుటివాడి దీపం పడితే ప్రతివాడి కళ్లూ గుడ్లంతవుతాయి, ప్రతివాడి చెంపలూ గుంటలవుతాయి. నలుగురూ నల్లగా ఎక్కి వచ్చి, నలుగు పెట్టినట్టు రుద్దుకుంటే గానీ ఎవరెవరో తేలని ఊరు మాది. పైకి రాగానే ఎవరి ఇంటికి వాళ్లు ఉరికేవాళ్లు. కడిగిన ఆగయ్యను జట్టువాళ్లు పండుగకో పబ్బానికో చూశారేమో. యేసుదానం నమ్మకంగా చేసింది గని లోపలి మనిషిని. పూలమ్మ సంసారం చేసింది ఆ మనిషితో కాదు.

ఆ తర్వాత అతను గోనె ఎత్తలేదు. తనవల్ల కాదని పూలమ్మకు చెప్పి వస్తానని ఒకసారి చెప్పులు కూడా వేసుకున్నాడు. ఏదో ఒక తమాషా చెప్పి నేనే ఆపాను. ఆపానే గానీ నాకూ దారి తెలియదు.

మొదటి షిఫ్టు దిగిన ఒక మధ్యాహ్నం ఇద్దరం అరుగు మీద కూర్చుని ఉన్నాం. ఆ వేళకు మా లైనంతా ఒకటే దృశ్యం. ప్రతి ఇంటి ముందూ బండ మీద ఒక నల్లటి మనిషి గొంతుక్కూర్చుని ఉంటాడు, పెళ్లాం వేడినీళ్లు పోసి రుద్దుతుంటుంది. ఎదురింటి అనసూర్య కూడా మొగుణ్ని రుద్దుతూ, పక్కింటామెతో కోడి గురించి కొట్లాడుతున్నది. మెడ పూర్తిగా అటు తిప్పేసింది. నోరు కోడి మీద, చెయ్యి మొగుడి మీద. ఆ చెయ్యి చూడకుండానే నుదురు దిగింది, ముక్కు పక్కన తిరిగింది, చెవి వెనక్కి వెళ్లి వచ్చింది. బొటనవేలు సరిగ్గా కంటి కొలికిలోకి వెళ్లి బొగ్గు తీసుకుని వచ్చింది. ఎక్కడా తడబడలేదు.

కోడి ఎవరిదో తేలలేదు గానీ, యేసుదానం చాయ్ గ్లాసు అరుగు మీద వదిలేసి లేచాడు. తిన్నగా పూలమ్మ ఇంటికి వెళ్లి, ఆగయ్య మొహం ఎవరు కడిగేవాళ్లని అడిగాడు. తానేనంది పూలమ్మ. పార పట్టి పట్టి ఆయన అరచేతులు పగిలి సబ్బు మండేదట. పెళ్లయిన కొత్తలో మొదలై చివరిదాకా ఆమె చేతులే కడిగాయట.

మర్నాడు ఆమె వచ్చేసరికి యేసుదానం పాత తలలోంచి ఆ కళ్లూ పళ్లూ తీసేసి, పైన తడిమట్టి మందంగా పట్టించి ఉంచాడు. గుడ్డిగా, నున్నగా ఉన్న ముద్ద. దాన్ని బండ మీద, కూర్చున్న మనిషి తల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తున పెట్టాడు. పక్కన చెంబుతో గోరువెచ్చటి నీళ్లు.

"చెల్లె, నువ్వు చూడకు," అన్నాడు. "యాది చేసుకోకు. దినాం ఎట్ల కడిగినవో గట్లనే కడుగు."

పూలమ్మ కళ్లు మూసుకుంది. చేతులు తడుపుకుని మట్టి మీద వేసి, చల్లగా తగిలిందో ఏమో, వెనక్కి తీసుకుంది. మళ్లీ వేసింది. కాసేపు ఆ చేతులకు ఏమీ తోచలేదు. తర్వాత ఎడమచెయ్యి తనంత తానే వెళ్లి మెడ వెనక పట్టుకుంది. అట్లా పట్టుకోగానే కుడిచెయ్యికి దారి తెలిసిపోయింది.

నేను చూసింది చెబుతున్నాను. నుదుటి మీద అరచెయ్యి వెళ్లినకొద్దీ మట్టి వాలుగా జరిగి నుదురైంది. ముక్కు పక్కల నుంచి రెండు వేళ్లు దిగితే, ఆ వేళ్ల మధ్య మిగిలింది ముక్కు. కొంచెం కుడికి వంగిన ముక్కు. అది వంకరని ఆమె ఎవరికీ చెప్పలేదు, ఆమెకూ తెలియదేమో. చెంప దగ్గర చెయ్యి ఆగిపోయింది. అక్కడే వెతికింది.

"గీడ ఎముక ఉండాలె," అంది కళ్లు తెరవకుండా.

యేసుదానం చిటికెడు మట్టి ఆమె వేళ్ల కింద పెట్టాడు. చెయ్యి దాని మీదుగా వెళ్లి సంతృప్తి పడి ముందుకు సాగింది. గదుమ దగ్గర ఇంకొంచెం అడిగింది. చెవి తమ్మె దగ్గర ఉన్నది గిల్లి తీసేసింది. బొటనవేళ్లు కంటి కొలుకుల్లోకి వెళ్లినప్పుడు ఆమె పెదాలు కదిలాయి. మాతో కాదు.

"గట్టిగ మూసుకొ. సబ్బు పడ్తది. చెప్తె ఇనవు."

యేసుదానం పక్కన నిలబడ్డాడు. ఇంత పనిమంతుడు, చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో పిల్లవాడిలా. నేను నోరు మూసుకుని ఉన్నానంటే మా ఆవిడ నేటికీ నమ్మదు.

ఆమె చెయ్యి ఆగాక యేసుదానం ఆమెను చూడనివ్వలేదు, ఇంటికి పంపాడు. ఆమె వేళ్లు వదిలిన గీతలను అతను చెరపలేదు. ఆమె చేతులు చెప్పని జుట్టు ఒక్కటి పెట్టాడు. తలను తీగతో వెనక నుంచి రెండుగా కోసి, ఆవంలో కాలేటప్పుడు పగలకుండా లోపలి మట్టి గరిటెతో తోడి, వేలి మందం మిగిల్చి మళ్లీ అతికాడు. ఆరాక గడ్డిలో పొదిగి కమాన్‌పూర్ కుమ్మరి ఆవానికి సైకిలు మీద తీసుకెళ్లాడు. ఎర్రగా కాలి వచ్చింది.

పెత్రమాస నాడు పొద్దున్నే దాన్ని పూలమ్మ ఇంటి ముందరి బండ మీద పెట్టి గుడ్డ తీశాడు. పూలమ్మ చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఆమె దగ్గరికి జరిగి ఆ జుట్టు మీద చెయ్యి వేసి, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు మెల్లగా, "చిక్కినవ్," అంది.

అది దొరికావన్నదో, బక్కచిక్కావన్నదో నేను అడగలేదు.

అంతలో సదయ్య, పోశం వచ్చారు. రాత్రి షిఫ్టు దిగి తిన్నగా వచ్చారు, ఒళ్లంతా బొగ్గు. తలను చూసి ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. సదయ్యకు కోపం రాలేదు, చిన్నబోయాడు. ఈయనెవరో పంతులులెక్క ఉన్నాడనీ, తమ ఆగయ్య కాదనీ, మొన్నటిదే ఆగయ్యనీ యేసుదానంతో నెమ్మదిగా చెప్పాడు. ముగ్గురూ ఒకే మనిషి కోసం చూస్తే, ఒకరికి దొరికాడు, ఇద్దరికి దొరకలేదు. యేసుదానం తల మీద గుడ్డ కప్పబోయాడు. పూలమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"ఉండన్న," అంది. సదయ్య వైపు తిరిగింది. "సదయ్య కాక, నీ చేతులకు ఉన్నది గదా, పుయ్యి."

సదయ్యకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక తన రెండు చేతులూ చూసుకున్నాడు. ముందుకు వచ్చి, భయంభయంగా ఆ నుదుటి మీద రాశాడు. పోశం మోచేతుల నుంచి, చొక్కా మడతల నుంచి పొడి దులిపి చెంపల మీద పూశాడు. ఎరుపు కొద్దికొద్దిగా నల్లబడింది. కళ్ల దగ్గర మాత్రం ఇద్దరూ పూయలేదు. ఎవరూ చెప్పలేదు, అక్కడ బొగ్గు నిలవదని వాళ్లకు తెలుసు. నలుపులో రెండు కళ్లు మిగిలాయి.

సదయ్య దానివైపు వంగాడు.

"ఏందిరా," అన్నాడు తలతో. "గింత ఆల్శమాయె?"

పోశం వెళ్లి దాని పక్కనే, భుజం తగిలేటంత దగ్గరగా, నేల మీద కూర్చున్నాడు. సదయ్య ఇటు కూర్చున్నాడు. ముగ్గురూ నల్లగా, ఒకే వరుసలో, టబ్బుల కోసం ఎదురుచూస్తున్న జట్టులా ఉన్నారు. యేసుదానం తాను చేసిన తలను మొదటిసారి చూస్తున్నవాడిలా చూశాడు. ఆ వంకర ముక్కు మీద బొగ్గు పట్టాక అది గని లోపలి మనిషే, సందేహం లేదు. మట్టి మారలేదు, ఎముక మారలేదు.

పూలమ్మ వాళ్లను తొందరపెట్టలేదు. పొయ్యి మీద నీళ్లు పెట్టి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. వాళ్లు చూడాల్సినంతసేపు చూడనిచ్చింది. కాగు అంచున పొగలు లేచాక చెంబు ముంచుకుని బయటికి వచ్చింది.

"ఇగ లేవుండ్రి కాక," అంది. "మీ డ్యూటీ అయింది."

వాళ్లు లేచి పక్కకు జరిగారు. ఆమె గొంతుక్కూర్చుని, ఎడమచేత్తో మెడ వెనక పట్టుకుని, నీళ్లు పోసింది.